షట్‌డౌన్ కాని లాప్‌టాప్‌కి బోర్డు మార్చకండి: రెండు గ్రాఫిక్స్ కార్డుల మీద అపోహలు - వాస్తవాలు

ఒంగోలు కర్నూలు రోడ్డు దగ్గర లాప్‌టాప్‌లు రిపేర్ చేస్తుంటాను. అన్ని కంప్లెయింట్లలోకీ నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఒకటుంది. "షట్‌డౌన్ కొడితే స్క్రీన్ నల్లబడుతుందన్నా, కానీ పవర్ లైటు ఆరడం లేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది, బోర్డు పోయిందంట" అంటూ వస్తారు. పోయిందని ఎవరు చెప్పారని అడిగితే ఒకరు ఫ్రెండ్ అంటారు, ఒకరు యూట్యూబ్ అంటారు, ఇంకొకరు వేరే షాపులో చెప్పారంటారు. ఎలా చెక్ చేశారని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబుండదు. నా కోపం లాప్‌టాప్ తెచ్చినవాళ్ళ మీద కాదు, చెక్ చేయకుండా చెప్పినవాళ్ళ మీద.

మొన్న సింగరాయకొండ వైపు నుంచి రొయ్యల చెరువు చేసుకునే ఒకాయన వచ్చాడు. కొడుకు బీటెక్, లాప్‌టాప్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌తో పాటు ఎన్విడియా కార్డు ఉంది. ఎక్కడో మదర్‌బోర్డు మార్చాలి, 22 వేలు అన్నారట. "మేతకి కట్టాల్సిన డబ్బులు తీసుకొచ్చాను సార్, వాడికి ప్రాజెక్టు ఉంది, ఇవాళే మార్చేయండి" అన్నాడు. నిలబడే మాట్లాడుతున్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. అబ్బాయి బ్యాగులోంచి లాప్‌టాప్ తీసి టేబుల్ మీద పెట్టాడు. ఆన్ చేశాం. విండోస్‌లో లోపలి భాగాల జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరిస్తే, ఇంటెల్ డ్రైవర్ (ఆ భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) తారీఖు ఈమధ్యది, విండోస్ అప్‌డేట్ తెచ్చి పెట్టింది. ఎన్విడియాది లాప్‌టాప్ కొన్ననాటిది. షట్‌డౌన్ కొట్టాం. స్క్రీన్ నల్లబడింది, కీబోర్డు లైట్లు అలాగే వెలుగుతున్నాయి, వెనక వెంట్ దగ్గర అరచేయి పెడితే వెచ్చటి గాలి తగులుతోంది. ఎంతసేపు చూసినా అంతే. పవర్ బటన్ నొక్కి పట్టి ఆపి, మళ్ళీ ఆన్ చేసి, ఈసారి ఎన్విడియా కార్డు మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ చేసి షట్‌డౌన్ ఇచ్చాను. టక్కున ఆగిపోయింది. బోర్డు మొత్తం పోయి ఉంటే అలా ఆగడం అరుదు. ఆయన అప్పుడు కూర్చున్నాడు.

బోర్డు కాకపోతే మరి ఏంది? 2010లో ఎన్విడియా ఆప్టిమస్ అని తెచ్చినప్పటి నుంచి చాలా లాప్‌టాప్‌లలో స్క్రీన్ వైరు చిన్న గ్రాఫిక్స్‌కే ఉంటుంది, అంటే ప్రాసెసర్‌లో కలిసి వచ్చే ఇంటెల్‌కో ఏఎమ్‌డీ రేడియన్‌కో. పెద్ద కార్డు, అంటే విడిగా ఉండే ఎన్విడియాది, బొమ్మ తయారు చేసి చిన్నదానికి అందిస్తుంది, చిన్నది దాన్ని స్క్రీన్ మీదికి పంపుతుంది. పని లేనప్పుడు బ్యాటరీ మిగలాలని పెద్ద కార్డుకి కరెంటు ఆపేస్తారు, కావాలంటే లేపుతారు. కాబట్టి ఈ రెండు డ్రైవర్లూ ఒకదానికొకటి సరిపడాలి. షట్‌డౌన్ కొట్టినప్పుడు విండోస్ ఒక్కో డివైస్ డ్రైవర్‌కీ కరెంటు తీస్తున్నాను, సర్దుకో అని చెబుతుంది, డ్రైవర్ సరే అనేదాకా ఆగుతుంది. పెళ్ళి బస్సులో అందరూ ఎక్కినా ఒక్క మనిషి రాకపోతే బస్సు కదలదు కదా, అంతే. పడుకున్న పెద్ద కార్డుని లేపి సర్దించడంలో డ్రైవర్ ఇరుక్కుపోతే, డిస్‌ప్లే ఆరిపోయి ఉంటుంది, కరెంటు మాత్రం పోదు. మనకి కనిపించేది నల్ల స్క్రీన్, తిరిగే ఫ్యాను. ఒక్కోసారి చాలాసేపటికి బ్లూ స్క్రీన్ వచ్చి డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్ అని చూపిస్తుంది. ఆ మాట కనిపించిందంటే కరెంటు ఆపే దగ్గర ఏదో డ్రైవర్ మొరాయించిందని విండోసే చెబుతున్నట్టు. అది చూసి కూడా బోర్డు అనేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు.

ఎవరైనా బోర్డు అంటే డబ్బు తీసేముందు మీరు చేయాల్సిన పరీక్షలు ఇవి, ఇంట్లోనే చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. మొదట రీస్టార్ట్ కొట్టి చూడండి. రీస్టార్ట్ బాగా అయ్యి షట్‌డౌన్ ఒక్కటే ఇరుక్కుంటే, షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేయండి. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అని వచ్చింది. అది ఉన్నప్పుడు మామూలు షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు, సిస్టమ్ భాగాన్ని డిస్క్ మీద దాచి సగం నిద్రపుచ్చడం. షిఫ్ట్ పట్టుకుంటే అసలైన షట్‌డౌన్ జరుగుతుంది. అలా చేసినప్పుడు ఆగిపోతోందంటే తేడా ఆ నిద్రపుచ్చే దారిలో ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి, పవర్ బటన్లు ఏం చేయాలో పెట్టే చోట ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. కొందరికి కథ అక్కడితోనే అయిపోతుంది.

అది కాకపోతే నేను చేసినట్టే పెద్ద కార్డుని డిసేబుల్ చేసి చూడండి, చూశాక మళ్ళీ ఎనేబుల్ చేయడం మర్చిపోకండి. తర్వాత సేఫ్ మోడ్, అక్కడ ఎన్విడియా, ఇంటెల్ డ్రైవర్లు పనిచేయవు, విండోస్ సొంత బేసిక్ డ్రైవరే ఉంటుంది. సేఫ్ మోడ్‌లో చక్కగా ఆగి, మామూలుగా ఉన్నప్పుడు ఆగకపోతే అది చాలావరకు సాఫ్ట్‌వేర్ గొడవే. చివరిగా, ఆన్ చేయగానే బయాస్ (విండోస్ రాకముందు ఉండే సెట్టింగ్స్) స్క్రీన్‌లోకి వెళ్ళి అక్కడ పవర్ బటన్ నొక్కండి. విండోస్ ఇంకా రాలేదు, డ్రైవర్లు లేవు. అక్కడ కూడా ఆగడానికి మొండికేస్తే అప్పుడు బోర్డుని అనుమానించండి, నేనూ ఒప్పుకుంటాను. స్క్రీన్ మీద గీతలు, రంగురంగుల చుక్కలు పడటం, డ్రైవర్లు శుభ్రంగా వేసినా డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 అనే ఎర్రర్ మళ్ళీ మళ్ళీ రావడం, గేమ్ మధ్యలో బిగుసుకుపోవడం, ఇవి కూడా ఉంటే చిప్పు పోయి ఉండే అవకాశం నిజంగానే ఉంది. ఇవేవీ లేకుండా ఒక్క షట్‌డౌన్ కోసం బోర్డు అంటే, ఏ పరీక్షలో తేలిందో నా కళ్ళ ముందు చేసి చూపించండి అని అడగండి. అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు, డబ్బు మీది.

ఇక సరిచేయడం. ముందు తేలిక దారి, డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ ప్రాపర్టీస్‌కి వెళ్ళి రోల్ బ్యాక్ కొట్టడం, అంటే ముందున్న డ్రైవర్‌కి వెనక్కి వెళ్ళడం. ఆ బటన్ వెలగకపోతే శుభ్రంగా తీసి వేయాలి. లాప్‌టాప్ కింద ఉన్న మోడల్ నంబరుతో కంపెనీ సైటుకి వెళ్ళి చిప్‌సెట్, చిన్న గ్రాఫిక్స్, పెద్ద గ్రాఫిక్స్ డ్రైవర్లు మూడూ ముందే దించుకోండి. డిస్క్ తాళం తెరిచే రికవరీ కీ చేతిలో ఉందో లేదో చూసుకోండి, ఇది చాలా ముఖ్యం. విండోస్ 11 లాప్‌టాప్‌లలో చాలావాటికి మీకు తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది, సేఫ్ మోడ్‌కి వెళ్ళినప్పుడో బయాస్ అప్‌డేట్ చేసినప్పుడో 48 అంకెల కీ అడగొచ్చు. చాలామందికి అది వాళ్ళ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ కొన్నరోజు షాపు కుర్రాడు ఏదో పెట్టాడు, నాకు తెలీదు అనేవాళ్ళు ఎంతమందో. డ్రైవర్ బాధ కంటే అది పెద్ద బాధ, ఫోటోలు, ఫైళ్ళు అన్నీ అందులోనే ఇరుక్కుపోతాయి.

కీ ఉందనుకుంటే ఇంటర్నెట్ ఆపేసి, సేఫ్ మోడ్‌లో ముందే దించుకున్న డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే టూల్‌తో రెండు డ్రైవర్లనీ తీసేయండి. మామూలుగా బూట్ చేసి మొదట చిప్‌సెట్, తర్వాత చిన్న గ్రాఫిక్స్, చివర పెద్ద గ్రాఫిక్స్ వేయండి, మధ్యమధ్యలో రీస్టార్ట్ ఇవ్వండి. ఇంటర్నెట్ ఎందుకు ఆపమంటున్నానంటే, మీరు తీసిన మరుక్షణం విండోస్ అప్‌డేట్ తనకు నచ్చింది తెచ్చి పెట్టేస్తుంది. అప్పుడు పడిన శ్రమంతా వృథా.

ఫార్మాట్ కొడితే ఈ సమస్య పోతుందనేది రెండో పెద్ద అపోహ, దీని వల్ల పోయేది డబ్బు కాదు, డేటా. ఫార్మాట్ కొట్టిన రోజు నిజంగానే బాగుంటుంది, ఎందుకంటే అప్పటికి అసలు డ్రైవర్లు రాలేదు. ఇంటికెళ్ళి వైఫై కలపగానే అప్‌డేట్‌లో అదే డ్రైవర్ దిగుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. మీరు షాపుకొస్తే "ఈసారి బోర్డు" అంటారు. చీమకుర్తిలో గ్రానైట్ ఆఫీసులో పనిచేసే ఒకమ్మాయి ఇలాగే ఏడాది లెక్కలు పోగొట్టుకుని వచ్చింది, బ్యాకప్ తీసుకోమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. "అన్నా, ఏదైనా చేసి తీయండి" అని ఆమె అడుగుతుంటే నాకు మాట రాలేదు. కొత్త ఎస్‌ఎస్‌డీలో ఫార్మాట్ చేశాక డేటా వెనక్కి రావడం చాలా కష్టం.

వైరస్ అంటారు, నా దగ్గరికొచ్చిన ఇలాంటి కేసుల్లో అది కారణం కాలేదు. డ్రైవర్లు అప్‌డేట్ చేసే ఉచిత యాప్‌లు వేస్తారు, అవి ఈ గొడవని పెంచుతాయే గానీ తగ్గించవు, తీసేయండి. కొత్త డ్రైవరే మంచిదనీ లేదు, మీ మోడల్‌కి కంపెనీ ఇచ్చినది పాతదైనా ముందు దాన్నే నమ్మండి. విండోస్ జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 చూసి ఛార్జరు కొనేవాళ్ళున్నారు. ఆ 41 అర్థం సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే, మీరు బటన్ నొక్కి ఆపినా అదే పడుతుంది.

బటన్ నొక్కి ఆపితే ఎస్‌ఎస్‌డీ పోతుందని భయపడేవాళ్ళకి: ఒకటి రెండుసార్లకి మామూలుగా ఏమీ కాదు, టెన్షన్ పడకండి. అప్‌డేట్ అవుతోందని స్క్రీన్ మీద ఉంటే మాత్రం ఎంతసేపైనా ఆగండి. రోజూ అలాగే ఆపుతుంటే ఏదో ఒకరోజు ఫైళ్ళు పాడవుతాయి, అందుకే త్వరగా సరిచేయించుకోమనేది. దానికంటే ప్రమాదం, షట్‌డౌన్ కొట్టి స్క్రీన్ నల్లబడగానే మూత వేసి బ్యాగులో పెట్టేయడం. టంగుటూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక టీచర్ గారు అలాగే చేసేవారు. బ్యాగు తెరిస్తే లాప్‌టాప్ పట్టుకోలేనంత వేడి, కింద మూత ఒకవైపు ఉబ్బి స్క్రూ దగ్గర సందు కనిపిస్తోంది, బ్యాటరీ ఉబ్బింది. ఉబ్బిన బ్యాటరీతో ఒక్కరోజు కూడా వాడొద్దు, ఛార్జింగ్ అసలు పెట్టొద్దు. లైటు ఆరింది, ఫ్యాను ఆగింది అని చూశాకే బ్యాగులో పెట్టండి.

లైనక్స్ వేసుకునే పిల్లలకి ఒక మాట. ఉబుంటు వేశాక షట్‌డౌన్ దగ్గర ఆగిపోతే లాప్‌టాప్ లైనక్స్‌కి పనికిరాదని తీసేయకండి. ఎన్విడియాకి మొదట వచ్చే నూవో డ్రైవర్ కొన్ని మోడళ్ళలో ఆ కార్డు కరెంటు వ్యవహారం సరిగ్గా చూసుకోలేదు. గ్రబ్ (లైనక్స్ బూట్ మెనూ)లో నోమోడ్‌సెట్ అనే ఆప్షన్ పెట్టి బూట్ చేసి, అడిషనల్ డ్రైవర్స్‌లో ఎన్విడియా సొంత డ్రైవర్ ఎంచుకోండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, తర్వాత బూట్‌లో నీలం స్క్రీన్ వస్తుంది, అక్కడ ఎన్‌రోల్ అనేది ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. తొందరలో కంటిన్యూ నొక్కేస్తే డ్రైవర్ లోడే అవ్వదు, వేశాను గదా పనిచేయట్లేదేంది అని అడుగుతారు. చాలామంది తప్పిపోయేది ఆ స్క్రీన్ దగ్గరే.

ఇవన్నీ చేసుకోలేనివాళ్ళు నా దగ్గరికైనా, ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళేముందు ఫోన్‌లో రెండు ఫోటోలు తీసి పెట్టుకోండి. ఒకటి లాప్‌టాప్ కింద మోడల్ నంబరుది, రెండోది డివైస్ మేనేజర్‌లో రెండు గ్రాఫిక్స్ కార్డులూ కనిపించేలా తీసింది. ఛార్జరు తీసుకురండి, డేటా ముందే వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి, మైక్రోసాఫ్ట్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ఇంట్లోనే ఒకసారి లాగిన్ అయి చూసుకోండి.