ఎడారి పక్కన నిండు కడలి

ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి దిగువకు చూసే విజయవాడ వాసికి సముద్రం గురించి ఒక నమ్మకం సహజంగానే ఏర్పడుతుంది. నది ఒండ్రు మోసుకొచ్చి పోస్తేనే తీరం పచ్చగా ఉంటుందని, తీరం పచ్చగా ఉంటేనే వలలో చేప పడుతుందని అనుకుంటాం. హంసలదీవి దగ్గర కృష్ణమ్మ కడలిలో కలిసే చోటు, నిజాంపట్నం వైపు మడ అడవులు, అక్కడ దొరికే రొయ్యలు, పీతలు ఈ నమ్మకాన్నే బలపరుస్తాయి. దీనికి పూర్తిగా ఎదురు నిలిచే తీరం ఒకటి భూగోళానికి అవతలి వైపున, మెక్సికో దేశంలో ఉంది. బాహా కాలిఫోర్నియా అనే ఆ ద్వీపకల్పం పొడవునా రాళ్ళూ ముళ్ళూ తప్ప పంట చేను అరుదు. దాన్ని ఆనుకున్న నీళ్ళలో మాత్రం తిమింగిలాలు, సొరచేపలు, సముద్ర సింహాలు, తాబేళ్ళు ఇంత దగ్గర దగ్గరగా కనిపించే చోట్లు ప్రపంచంలోనే తక్కువ.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళే మన ప్రాంతపు తల్లిదండ్రులలో చాలామంది గ్రాండ్ కెన్యన్, లాస్ వేగస్ చూసి తిరిగి వస్తారు. శాండియేగో దాటి దక్షిణానికి సరిహద్దు దాటగానే మొదలై దాదాపు 1,200 కిలోమీటర్లు సాగే ఈ భూభాగం వారి ప్రయాణ పట్టికలోకి రాదు. రావాలన్నది నా కోరిక. అయితే అక్కడికి వెళ్ళేవారు ఒక సంగతి తెలుసుకుని వెళితే ఆ ఇసుక తీరం, ఆ జంతువులు, ఆ కొండదారులు మూడు వేర్వేరు వినోదాలుగా కాక ఒకే కథగా కనిపిస్తాయి. ఆ నేలను ఎండగట్టినదీ, ఆ సముద్రాన్ని నింపినదీ చాలావరకు ఒకటే: చన్నీరు.

ద్వీపకల్పపు ఉత్తరపు కొస ఇంచుమించు మన జమ్మూ అక్షాంశం మీద, దక్షిణపు కొస కోల్‌కతా అక్షాంశం మీద ఉన్నాయి. కోల్‌కతా వానలో తడిసే నగరం కాగా, బాహా నడుమనున్న విస్కయీనో ఎడారిలో ఏడాదికి సగటున 100 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. గుంటూరులో ఒక మంచి ముసురు పడితే రెండు రోజుల్లో అంత వాన కురుస్తుంది. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి తన తేమను అక్కడే కురిపించి, సుమారు 30 డిగ్రీల అక్షాంశాల దగ్గర పొడిగా కిందికి దిగుతుంది. అలా దిగే గాలిలో మేఘం నిలవదు. దీనికి తోడు ఉత్తరం నుంచి వచ్చే కాలిఫోర్నియా ప్రవాహం పసిఫిక్ తీరాన్ని చల్లబరుస్తుంది. చల్లని నీటి మీది గాలి బరువుగా అక్కడే ఉండిపోయి పొగమంచుగా మారుతుందే తప్ప పైకి లేచి వానమబ్బు కాలేదు.

అదే చన్నీరు సముద్రానికి వరమైంది. తీరం వెంబడి వాయవ్యం నుంచి వీచే గాలి పైపొర నీటిని కదిలిస్తే, భూభ్రమణ ప్రభావం ఆ నీటిని గాలి దిశకు కుడివైపుకు, అంటే తీరానికి దూరంగా నడుపుతుంది. ఖాళీ అయిన చోటికి అడుగునుంచి చల్లని నీరు ఉబికి వస్తుంది. చచ్చి అడుగుకు చేరిన జీవుల నుంచి విడుదలైన నైట్రేటు, ఫాస్ఫేటు ఆ నీటిలో నిండుగా ఉంటాయి. మన రైతు ఎరువును పైనుంచి చల్లుతాడు, ఇక్కడి ఎరువు అడుగునుంచి వస్తుంది. వెలుతురు, ఎరువు కలిసిన చోట కంటికి కనబడని వృక్షప్లవకాలు పెరుగుతాయి, వాటి మీద చిన్న జీవులు, వాటి మీద కవళ్ళ వంటి చిన్న చేపలు, వాటి మీద పెద్దవి బతుకుతాయి. బంగాళాఖాతంలో జరిగేది దీనికి తలకిందులు. నదులు తెచ్చిన మంచినీరు ఉప్పునీటి మీద తేలికైన మూతలా పరుచుకోవడం వల్ల అడుగు నీరు సులభంగా పైకి రాలేదు. అందుకే మన సముద్రపు సంపద ప్రధానంగా తీరాన్ని, నదీముఖాలను అంటిపెట్టుకుని ఉంటుంది. ద్వీపకల్పానికి తూర్పున ఉన్న కాలిఫోర్నియా గల్ఫ్‌లోనూ బలమైన ఆటుపోట్లు, శీతాకాలపు గాలులు నీటిని కలియబెట్టి ఇదే పని చేస్తాయి. ఆ గల్ఫ్ వయసు కొన్ని మిలియన్ల ఏళ్ళే. భూమి పైపెంకులో ఒక పెద్ద ముక్కైన పసిఫిక్ ఫలకం బాహాను మెక్సికో ప్రధాన భూభాగం నుంచి చీల్చుకుపోగా ఏర్పడిన పగులులో నిండిన సముద్రమది. ద్వీపకల్పం ఇప్పటికీ ఏటా దాదాపు 5 సెంటీమీటర్లు వాయవ్యానికి జరుగుతూనే ఉంది.

ఇక్కడి తిమింగిలాల గురించి కాస్త వివరంగా చెప్పాలి. బూడిదరంగు తిమింగిలాలు వేసవంతా ఆర్కిటిక్ ప్రాంతపు సముద్రంలో అడుగు బురదను నోటితో పీల్చి, అందులోని చిన్న రొయ్యల వంటి జీవులను వడగట్టి తింటాయి. చలి మొదలవగానే తీరం వెంబడి వేల కిలోమీటర్లు ఈది బాహా పసిఫిక్ వైపు ఉన్న కయ్యల్లోకి, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లోకి వస్తాయి. రానూపోనూ కలిపితే 16,000 కిలోమీటర్లు దాటే ఈ ప్రయాణంలో అవి తినేది చాలా తక్కువ. పుట్టిన పిల్ల సుమారు నాలుగున్నర మీటర్ల పొడవున్నా దాని చర్మం కింద కొవ్వు పలచగా ఉంటుంది కనుక, లోతు తక్కువై కాస్త వెచ్చగా ఉండే ప్రశాంతమైన కయ్య దానికి పురిటిల్లు. గేదె పాలలో వెన్న 7 శాతం ఉంటే చిక్కటి పాలంటాం. తిమింగిలం పాలలో సగం వరకూ కొవ్వే ఉంటుంది.

కుందేలు కన్ను అని అర్థం వచ్చే ఓహో దే లియెబ్రే కయ్యలోకి 1857లో అమెరికా వేటగాడు చార్లెస్ స్కామన్ ఓడలు ప్రవేశించాయి. తల్లులు పిల్లల కోసం పడవలను ఢీకొట్టడంతో వేటగాళ్ళు వాటిని దెయ్యపు చేపలన్నారు. కొన్నేళ్ళలోనే ఆ నీళ్ళు దాదాపు ఖాళీ అయ్యాయి. నేడు అదే నీటిలో తల్లులు తమంత తామే పిల్లలను పడవల దగ్గరకు నడిపించుకుని వస్తాయి. వేటపై నిషేధం, 1993లో విస్కయీనో కయ్యలకు దక్కిన ప్రపంచ వారసత్వ హోదా ఈ మార్పుకు దోహదపడ్డాయి. సాన్ ఇగ్నాసియో కయ్య పక్కన భారీ ఉప్పు కర్మాగారం కట్టాలన్న ప్రతిపాదనను 2000లో మెక్సికో ప్రభుత్వం విరమించుకుంది. చినగంజాం ఉప్పు కొఠార్ల మీద బతికే కుటుంబాలను చూసినవారికి ఇది తేలికైన నిర్ణయం కాదని అర్థమవుతుంది. అయినా అది సరైనదేనని నా అభిప్రాయం. అలాగని నిశ్చింతగా ఉండే పరిస్థితి లేదు. 2016లో 27,000 దాకా ఉన్న ఈ తిమింగిలాల సంఖ్య 2023 నాటికి సుమారు 14,500కు పడిపోయింది. ఆర్కిటిక్‌లో మంచు, ఆహారం మారిపోవడమే దీనికి ప్రధాన కారణంగా శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

మనిషి తగ్గితే సముద్రం కోలుకుంటుందనడానికి నిదర్శనం దక్షిణ కొసన ఉన్న కాబో పుల్మో. చేపలు తగ్గిపోయిన పగడపు దిబ్బ చుట్టూ వేట మానాలని అక్కడి జాలరి కుటుంబాలే పట్టుబట్టగా 1995లో అది జాతీయ ఉద్యానవనమైంది. 1999 నుంచి 2009 మధ్య అక్కడి చేపల మొత్తం బరువు అయిదు రెట్లు దాటింది. గల్ఫ్ ఉత్తర కొసన కథ వేరు: మరో చేప కోసం వేసే వలల్లో చిక్కి, వకీటా అనే చిన్న సముద్ర క్షీరదం పది, పన్నెండుకు మించకుండా మిగిలింది. అదే కొసకు రావలసిన కొలరాడో నది ఎగువ ఆనకట్టల వల్ల చాలా ఏళ్ళుగా దాదాపు ఎప్పుడూ సముద్రాన్ని చేరడం లేదు. వానలు తగ్గిన ఏడాది బ్యారేజీ దిగువన ఇసుక మేటలు చూసే మనకు ఆ దృశ్యం కొత్త కాదు.

నేల మీద నడిచేవారు కార్డోన్ అనే జెముడు చెట్టు కింద కాసేపు ఆగాలి. మన చేల గట్ల మీది నాగజెముడుకు అది దూరపు బంధువు, నాగజెముడు కూడా అమెరికా ఖండం నుంచి మనకు వచ్చినదే. పదిహేను మీటర్లు దాటి ఎదిగే కార్డోన్ పగలు తన రంధ్రాలను మూసుకుని, చల్లని రాత్రివేళ తెరిచి బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా దాచుకుంటుంది. వాన పడ్డప్పుడు దాని మడతల కాండం ఉబ్బి నీటిని నిల్వ చేసుకుంటుంది. దాని పొరుగునే తలకిందులు చేసిన ముల్లంగిలా నిలబడే సిరియో చెట్లు కనిపిస్తాయి. ఈ దారుల్లో గుడారం వేసేవారు ఎండిన వాగు ఇసుకలో పడుకోరాదు, ఎక్కడో కొండ మీద పడిన వాన క్షణాల్లో అక్కడికి వరదై దూకుతుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తుఫానుల కాలం. 2014 సెప్టెంబరులో ఒడీల్ తుఫాను దక్షిణ కొసను అతలాకుతలం చేసింది. కయాక్ పడవలకు, సముద్ర సింహాల మధ్య ఈతకు గల్ఫ్ వైపున లా పాస్ దగ్గరి ఎస్పిరితూ సాంతో దీవి అనువైనది. పసిఫిక్ వైపున ఇసుక ఎంత అందంగా ఉన్నా నీరు చల్లన, లోపలికి లాగే అలలు బలమైనవి.

బాపట్ల సూర్యలంక తీరానికి జనవరి నుంచి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు జాతే బాహా దక్షిణ తీరంలోనూ వానాకాలం చివర గుడ్లు పెడుతుంది. పిల్ల ఆడదవుతుందా మగదవుతుందా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. ఇసుక వెచ్చగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. మన దగ్గర వేసవి ముదిరితే గూడు మరీ వేడెక్కుతుందన్న భయం ఉంటే, బాహాలోని తోదోస్ సాంతోస్ ఊరి దగ్గర శీతాకాలపు రాత్రులలో ఇసుక మరీ చల్లబడుతుందని స్థానికులు గుడ్లను ప్లాస్టిక్ కప్పు వేసిన పందిరిలోని ఇసుకలోకి మార్చి పొదిగిస్తారు. పిల్లలను సాయంత్రం వేళ నీటికి వదులుతారు. చూడటానికి వచ్చినవారు ఇసుకలో గీసిన గీత ఇవతలే నిలబడాలి, సెల్‌ఫోను లైటు వేయకూడదు, ఎందుకంటే సముద్రం మీది వెలుతురును ఆనవాలుగా తీసుకునే ఆ పిల్లలు ఏ దీపం కనిపించినా అటే తిరుగుతాయి.