ఈబుక్‌లు, స్వీయ ప్రచురణ: అపోహలు - వాస్తవాలు

రాతప్రతి పట్టుకుని నా దగ్గరికి వచ్చే రచయితలు దాదాపు అందరూ రెండు ప్రశ్నలు అడుగుతారు. ఈబుక్ ఒక్కటీ చాలా, అచ్చు కూడా వేయాలా? ప్రచురణకర్త లేకుండా నేనే వేసుకోవచ్చా? నిక్షేపంగా వేసుకోవచ్చు. కానీ ఆ మాట చెప్పేముందు వాళ్లను కూర్చోబెట్టి ఓ గంట మాట్లాడతాను. ఎక్కడో విన్న మాటలు కొన్ని వాళ్ల మనసులో అప్పటికే గట్టిపడి ఉంటాయి. కొన్ని లేనిపోని ఆశ పెడతాయి, కొన్ని అనవసరంగా భయపెడతాయి. పదేళ్లకు పైగా ఎడిటింగు, పేజీ మేకప్, ఈబుక్ ఫైళ్ల తయారీ చేస్తున్నదాన్ని. ఆ గంటలో చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఈబుక్ వచ్చాక అచ్చు పుస్తకానికి కాలం చెల్లింది.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 2007 నవంబరులో అమెజాన్ తన మొదటి కిండిల్‌ను, అంటే ఈబుక్‌లు చదివే పరికరాన్ని, అమ్మకానికి పెడితే ఐదున్నర గంటల్లో సరుకంతా అయిపోయింది. 2011లో అమెరికాలో బోర్డర్స్ అనే పెద్ద పుస్తకాల గొలుసు దుకాణం దివాలా తీసి మూతపడింది. ఆ రోజుల్లో అచ్చు యంత్రాలు ఇక తుప్పు పట్టడమేనని చాలామంది అనుకున్నారు. అలా జరగలేదు. ఈనాటికీ ప్రపంచంలో అమ్ముడయ్యే పుస్తకాల్లో ఎక్కువ భాగం కాగితం మీద వచ్చేవే.

మార్పు అన్ని రకాల పుస్తకాలకూ ఒకేలా రాలేదు. ప్రేమకథలు, నేరపరిశోధన నవలలు, సైన్స్ ఫిక్షన్ గబగబా తెరమీదికి వెళ్లిపోయాయి. వారానికి రెండు మూడు నవలలు చదివేవాళ్లకు చవకగా, అప్పటికప్పుడు దొరకడమే ముఖ్యం. పిల్లల బొమ్మల పుస్తకాలు, వంటల పుస్తకాలు, కానుకగా ఇచ్చే పుస్తకాలు కాగితాన్ని వదల్లేదు. కాబట్టి మీ పుస్తకం ఏ రకమో చెప్పకుండా ఈబుక్ చాలా అని అడిగితే నేను జవాబు చెప్పలేను.

లెక్కల గురించి కూడా ఒక మాట. స్వయంగా వేసుకున్న ఈబుక్‌లు చాలావాటికి ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే సంఖ్య, ఉండదు. ప్రచురణ సంస్థలు ఇచ్చే వివరాలతో తయారయ్యే గణాంకాల్లో అవి కనిపించవు. ఈబుక్ వెనక్కి తగ్గిందని చెప్పే పట్టికను చూసినప్పుడు, అందులో ఎవరి పుస్తకాలను లెక్కపెట్టారో ముందు చూడండి.

ఇంకో సంగతి. డిజిటల్ సాంకేతికత కాగితానికి మేలు కూడా చేసింది. 1997లో లైట్నింగ్ ప్రింట్ అనే సంస్థ ప్రింట్ ఆన్ డిమాండ్‌ను వ్యాపారంగా నిలబెట్టింది. ఆర్డరు వచ్చాక ఒక్క కాపీ అయినా అచ్చువేసి పంపిస్తారు. అంతకుముందు సొంతంగా పుస్తకం వేసుకోవడమంటే కట్టలు కట్టలుగా వేయించి, మంచాల కింద దాచుకోవడం. ఆ బరువు దిగిపోయింది. స్వీయ ప్రచురణకు ఈబుక్ ఎంత ఊపునిచ్చిందో, ఇదీ అంత ఇచ్చిందని నా నమ్మకం.

అపోహ: ఎవరూ వేయనన్న పుస్తకాలనే సొంతంగా వేసుకుంటారు.

కొన్ని విషయాల్లో నిజమే, కానీ దానివల్ల పుస్తకం తక్కువదైపోదు. ఇంగ్లండ్ పిల్లల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ తన కుందేలు కథను ప్రచురణకర్తలు వద్దంటే 1901 డిసెంబరులో సొంత ఖర్చుతో 250 ప్రతులు వేసుకున్నారు. మరుసటి ఏడాదే ఒక ప్రచురణ సంస్థ దాన్ని తీసుకుంది. ఫ్రెంచ్ రచయిత మార్సెల్ ప్రూస్ట్ తన మహానవల మొదటి సంపుటాన్ని 1913లో డబ్బు కట్టి వేయించుకున్నారు.

ఇప్పటి తేడా ఏమిటంటే, ప్రచురణకర్త పిలిచినా వెళ్లనివాళ్లు ఉన్నారు. అమెరికా రచయిత హ్యూ హోవీ తన సైన్స్ ఫిక్షన్ ‘వూల్’ను ఈబుక్‌గా తానే అమ్ముకుని, 2012లో సైమన్ అండ్ షుస్టర్ అనే పెద్ద ప్రచురణ సంస్థకు అచ్చు హక్కులు మాత్రమే ఇచ్చి, ఈబుక్ హక్కులు తన దగ్గరే ఉంచుకున్నారు. 2022లో బ్రాండన్ శాండర్సన్, పెద్ద సంస్థల్లో అప్పటికే పేరు మోసిన రచయిత, నాలుగు నవలలకు పాఠకుల నుంచి నేరుగా చందాలు అడిగితే 4 కోట్ల 17 లక్షల డాలర్లు వచ్చాయి. వీళ్లను చూసి మనకూ అంతే వస్తుందనుకోవడం పొరపాటు. నేను వీళ్ల పేర్లు చెప్పేది ఒక్క విషయం కోసం: హక్కులను విడివిడిగా అమ్మవచ్చు. అచ్చు వేరు, ఈబుక్ వేరు, ఆడియో వేరు, అనువాదం వేరు. ఒప్పందంలో “అన్ని రూపాల్లో” అనే మాట కనిపిస్తే సంతకం పెట్టకుండా ఆగండి.

అపోహ: ప్రచురణకర్త చిల్లర విదిలిస్తాడు, ఈబుక్‌లో 70 శాతం మనదే.

పెద్ద ప్రచురణ సంస్థల్లో ఈబుక్ రాయల్టీ మామూలుగా సంస్థకు చేరే మొత్తంలో 25 శాతం. దానిపక్కన 70 చూస్తే ఎవరికైనా కళ్లు మెరుస్తాయి. అమెజాన్ ఆ రేటును 2010లో తెచ్చింది. దానికి షరతులున్నాయి. అమెరికా స్టోరులో పుస్తకం ధర 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ఉండాలి. ధర అంతకన్నా తక్కువైనా ఎక్కువైనా 35 శాతమే. పైగా 70 శాతం పద్ధతిలో ఫైలు సైజును బట్టి మెగాబైటుకు 15 సెంట్ల చొప్పున డెలివరీ ఖర్చు ముందే తీసేస్తారు. 35 శాతం పద్ధతిలో ఆ కోత లేదు.

ఒకసారి కాగితం మీద వేసి చూద్దాం. ఒక మెగాబైటు ఉన్న మామూలు నవలను 2.99కి పెడితే కాపీకి దాదాపు 1.99 డాలర్లు వస్తాయి. అదే నవలను జనం ఎగబడి కొంటారని 99 సెంట్లకు పెడితే 35 సెంట్లు వస్తాయి. అంటే అక్కడ ఒక కాపీకి వచ్చే డబ్బు కోసం ఇక్కడ దాదాపు ఆరు కాపీలు అమ్మాలి. ఇక బొమ్మలున్న పుస్తకం, ఫైలు 10 మెగాబైట్లు, ధర అదే 2.99. డెలివరీకి డాలరున్నర పోతుంది. మిగిలినదాంట్లో 70 శాతం 1.04 డాలర్లు. కోత లేని 35 శాతం పద్ధతిలో 1.05. పెద్ద అంకె చూసి ఎంచుకున్నవారికి చిన్న అంకెకన్నా ఒక సెంటు తక్కువే వస్తుంది! ఈ లెక్క చూపించినప్పుడు రచయితలు నిశ్శబ్దమైపోతారు. తర్వాత బొమ్మలను కుదించి ఫైలును 3 మెగాబైట్లకు తెద్దామా అని వాళ్లే అడుగుతారు. సరైన ప్రశ్న అదే.

70 శాతంలో ఎడిటరు ఖర్చు, ప్రూఫ్ రీడరు ఖర్చు, ముఖచిత్రం ఖర్చు, ప్రచారం అన్నీ కలిసే ఉన్నాయి. ప్రచురణకర్త చేసే పని ఎక్కడికీ పోలేదు. అది వచ్చి రచయిత బల్లమీద కూర్చుంది.

అపోహ: వర్డ్ ఫైలును మార్చేస్తే ఈబుక్ తయారు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే దీని శిక్ష పాఠకుడికి పడుతుంది.

ఒక నవల ఫైలు చెబుతాను. అధ్యాయం పేరును మధ్యకు తేవడానికి రచయిత స్పేస్ బార్ వరుసగా కొట్టుకుంటూ పోయారు. కొత్త పేజీకి వెళ్లడానికి ఎంటర్ పది పన్నెండు సార్లు కొట్టారు. కంప్యూటర్‌లో ముచ్చటగానే ఉంది. ఫోన్‌లో తెరిచి అక్షరాలు పెద్దవి చేస్తే అధ్యాయం పేరు రెండు ముక్కలై ఒక ముక్క కుడి అంచున వేలాడింది. తర్వాత వరుసగా రెండు ఖాళీ తెరలు. పుస్తకం అయిపోయిందనుకుని మూసేయాలనిపిస్తుంది. మరొకరు అచ్చుకు పంపిన పీడీఎఫ్‌నే మార్చి పెట్టుకున్నారు. తల్లి చనిపోయే ఘట్టంలో, వాక్యం నడుమ, 47 అనే అంకె. అది పాత పేజీ నంబరు.

ఈబుక్‌లకు వాడే ఫైలు రూపం ఈపబ్. లోపల చూస్తే అది వెబ్ పేజీల మూట. 2007లో ప్రమాణంగా వచ్చింది, 2011లో మూడో రూపం వచ్చింది, 2017 నుంచి వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూత్రీసీయే దీన్నీ చూస్తోంది. అందులో పేజీ అనేది స్థిరంగా ఉండదు. పాఠకుడి తెరను బట్టి, కంటి చూపును బట్టి మారుతుంది. అందుకే అధ్యాయం పేరును హెడ్డింగ్ స్టైల్‌తో గుర్తించాలి, పెద్ద అక్షరాలతో సరిపెట్టకూడదు. ఆ గుర్తు ఉంటేనే విషయసూచిక పనిచేస్తుంది. చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ గుర్తును పట్టుకునే ఒక అధ్యాయం నుంచి ఇంకో అధ్యాయానికి దూకుతుంది. బొమ్మకు వివరణ రాయకపోతే అది “బొమ్మ” అని మాత్రమే పలికి ముందుకు పోతుంది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 28 నుంచి ఈబుక్‌లకు ఈ సౌలభ్యాన్ని చట్టమే కోరుతోంది, మరీ చిన్న సంస్థలకు కొంత మినహాయింపుతో. చట్టం అడగకపోయినా చేయాల్సిన పని ఇది. కాగితం మీద ఎన్నడూ మన పుస్తకం చదవలేని మనిషి మొదటిసారి చదువుతున్నారు.

పాత డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేసిన తెలుగు ఫైలైతే ఇంకో మెట్టుంది. అన్ని పరికరాల్లోనూ తెలుగు కనబడేలా చేసే యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక ఒత్తులు, కొమ్ములు, సున్నాలు ఎక్కడెక్కడ జారాయో కళ్లతో మొదటినుంచి చివరిదాకా చదవాలి. దీనికి దగ్గరదారి నాకు కనబడలేదు.

అపోహ: ఐఎస్‌బీఎన్ తీసుకుంటేనే కాపీరైట్ వస్తుంది.

రెండింటికీ సంబంధం లేదు. రచన రాసిన క్షణంలోనే హక్కు పుడుతుంది. కాపీరైట్‌పై అంతర్జాతీయ ఒప్పందమైన బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో దానికి ఏ నమోదూ అక్కర్లేదు. ఐఎస్‌బీఎన్ పుస్తకాన్ని గుర్తుపట్టే 13 అంకెల సంఖ్య, అంతే. అచ్చుకు ఒకటి, ఈపబ్‌కు వేరొకటి.

అపోహ: మార్కెట్‌లో చెత్త పెరిగింది, మంచి పుస్తకం ఎలాగూ కనబడదు.

పెరిగిన మాట నిజం. యంత్రాలతో రాయించిన పుస్తకాలు కుప్పలుగా వస్తున్నాయన్న ఆందోళన నడుమ 2023లో అమెజాన్ ఒకరు రోజుకు మూడుకు మించి కొత్త పుస్తకాలు పెట్టకూడదని హద్దు గీసింది. కానీ మార్కెట్‌ను మార్చింది సంఖ్య ఒక్కటే కాదు. చెల్లించే పద్ధతి పుస్తకం ఆకారాన్నే మార్చింది.

నెల చందాతో చదివే అమెజాన్ పథకం కిండిల్ అన్‌లిమిటెడ్ 2014 జులైలో మొదలైంది. అప్పట్లో పాఠకుడు పుస్తకంలో పది శాతం దాటితే రచయితకు ఒక మొత్తం ముట్టేది, అది ముప్పై పేజీల కథైనా మూడొందల పేజీల నవలైనా. ఏం జరుగుతుందో ఊహించవచ్చు. నవలలను ముక్కలుచేసి వరుస పుస్తకాలుగా పెట్టారు. సంవత్సరం తిరిగేసరికి, 2015 జులైలో, చదివిన పేజీల లెక్కన ఇవ్వడం మొదలుపెట్టారు. వెంటనే పుస్తకాలు లావెక్కాయి. రచయిత ఏం రాయాలో చెప్పిన మనిషి లేడు, చెల్లింపు నియమం చెప్పింది. అందులో ఈబుక్ పెడితే 90 రోజులపాటు ఇంకెక్కడా ఆ ఈబుక్ అమ్మకూడదు. ఆ గడువు ముగిసే తేదీని కేలెండర్‌లో రాసుకోండి. చూసుకోకపోతే తనంతట తానే మళ్లీ మొదలవుతుంది.

కనబడే విషయానికొస్తే, దుకాణం బల్లమీద పుస్తకం పెట్టించే పని ప్రచురణకర్తది. తెరమీద ఆ పని చేసేవి పుస్తకం విభాగం, నాలుగు వాక్యాల పరిచయం, గోరంత సైజులో కూడా పేరు చదవగలిగే ముఖచిత్రం. నవల రాయడానికి మూడేళ్లు తీసుకుని, ఆ నాలుగు వాక్యాలను పది నిమిషాల్లో రాసేవాళ్లను చూస్తే నాకు నిజంగా దుఃఖం వస్తుంది.

అపోహ: డబ్బు కడితే పుస్తకం వేసిపెట్టే సంస్థకు ఇవ్వడమే స్వీయ ప్రచురణ.

ఒకావిడ తన తండ్రి జ్ఞాపకాలను పుస్తకంగా తేవాలని అలాంటి చోట డబ్బు కట్టారు. ఎడిటింగ్ చేశామన్నారు. మొదటి పేజీలోనే తండ్రి పేరు తప్పు. సరిదిద్దడానికి ఫైలు అడిగితే, ఫైలు సంస్థదని ఒప్పందం చూపించారు. నా దగ్గరికి వచ్చేటప్పటికి ఆవిడ చేతిలో ఆ అచ్చు ప్రతి ఒక్కటే ఉంది. దాన్ని పక్కన పెట్టుకుని మొదటినుంచి మళ్లీ టైపు చేశాం.

పనికి డబ్బు తీసుకోవడం తప్పు కాదు. నేనూ తీసుకుంటాను. తేడా ఎక్కడంటే, స్వీయ ప్రచురణలో హక్కులు, ఫైళ్లు, అమ్మకాల ఖాతా మూడూ రచయిత పేరుమీద ఉంటాయి. ఈ మూడింట్లో ఏది తమ దగ్గర ఉంచుకుంటామన్నా లేచి వచ్చేయండి.

అపోహ: కొన్న ఈబుక్ శాశ్వతంగా మనదే.

పాఠకులు అడిగేది ఇది. చాలా దుకాణాల్లో కొనేది చదువుకునే అనుమతిని. 2009లో హక్కుల తగాదా వల్ల జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’ ప్రతులను అమెజాన్ కొన్నవారి కిండిళ్ల నుంచే తొలగించింది, డబ్బు తిరిగిచ్చింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ దుకాణం మూసినప్పుడు కొన్న పుస్తకాలు తెరుచుకోవడం మానేశాయి. అక్కడా డబ్బు తిరిగిచ్చారు, కానీ పుస్తకం మాత్రం చేజారింది. గ్రంథాలయాల పరిస్థితీ ఇంతే. 2011లో హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ తన ఈబుక్ ఒక్కో లైసెన్సును పాఠకులకు 26 సార్లు అరువివ్వడానికే పరిమితం చేసింది, ఆ తర్వాత గ్రంథాలయం మళ్లీ కొనాలి.

సొంతంగా వేసుకునే రచయితకు ఇక్కడ ఒక స్వేచ్ఛ ఉంది. ఫైలును కాపీ చేయనివ్వకుండా తాళం వేయాలా వద్దా అన్నది చాలా వేదికలు రచయితకే వదిలేస్తాయి. వేయవద్దనే నేను సలహా ఇస్తాను. దొంగతనం చేసేవాడిని తాళం ఆపలేదు, డబ్బిచ్చి కొన్న పాఠకుడిని మాత్రం ఇబ్బంది పెడుతుంది.

అపోహ: అప్‌లోడ్ చేశాక ఇక పని అయిపోయినట్టే.

అచ్చులో తప్పు దొర్లితే మలి ముద్రణ దాకా ఎదురుచూడాలి. ఈబుక్‌లో ఈ రాత్రే దిద్దవచ్చు. ఇప్పటికే కొన్నవారి దగ్గరికి కొత్త ప్రతి తనంతట తాను చేరకపోవచ్చు గానీ, రేపు కొనేవారికి సరైనదే అందుతుంది. అందుకని ప్రతి పుస్తకానికీ ఒక చిన్న దస్త్రం పెట్టుకుంటాను, పాఠకులు పట్టిచ్చిన తప్పులు తేదీలతో సహా అందులో ఉంటాయి. నిన్న ఒకరు రాశారు: 19వ అధ్యాయంలో చెల్లెలి పేరు ఒకచోట అక్క పేరైపోయిందట. వెతికి చూశాను, నిజమే. ఆ రచయితా నేనూ కలిసి ఆ పుస్తకాన్ని ఏడుసార్లు చదివాం. ఫైలు దిద్ది పెట్టాను, రాసినవారి పేరు దస్త్రంలో ఎక్కించాను.