మళ్ళీ మొదటికొచ్చే ఆటలో ఇల్లు కట్టుకోవాలా?

నరసన్నపేటలో ఉండే మా పిన్ని కొడుకు సంక్రాంతి సెలవుల్లో ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేశాడు. "అన్నియ్యా, ఇల్లంతా పోయింది" అన్నాడు. గుండె జారిపోయింది. "ఏటయిందిరా, పిన్ని ఎక్కడుంది?" అని అడిగాను. పోయింది స్టార్‌ఫీల్డ్ అనే అంతరిక్ష వీడియో గేమ్‌లో వాడు కట్టుకున్న ఇల్లు అని తెలిశాక ఊపిరి పీల్చుకున్నాను. వాడి గొంతులో బాధ మాత్రం నిజమైనదే.

మూడు నెలలు కాలేజీ నుంచి రాగానే వాడు చేసిన పని అది. ఐదు గ్రహాల మీద ఐదు అవుట్‌పోస్టులు, అంటే సొంత స్థావరాలు, వేశాడు. ఒకచోట ఇనుము, ఒకచోట అల్యూమినియం తవ్వించాడు. ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి సరుకు పంపే లింకులకు హీలియం-3 కావాలి కాబట్టి దానికి వేరే గని పెట్టాడు. న్యూ అట్లాంటిస్ నగరంలో వాన్‌గార్డ్ అనే దళంలో చేరి ఆ కథ పూర్తి చేస్తే బహుమతిగా వచ్చే పెంట్‌హౌస్‌ను ఒక్కో కుర్చీ, ఒక్కో మొక్కా పెట్టుకుంటూ సర్దుకున్నాడు. ప్రధాన కథ చివర ‘యూనిటీ’ అనే వెలుగులోకి నడిచాడు. కళ్ళు తెరిచేసరికి ఇంకో విశ్వంలో, ఎప్పుడూ చూడని ఓడలో ఉన్నాడు. పాత ఓడ లేదు, డబ్బు లేదు, తుపాకులు లేవు, అవుట్‌పోస్టుల జాడే లేదు.

"ఆట ముందే చెప్పింది కదరా, అన్నీ వదిలెయ్యాలని."

"చెప్పింది అన్నియ్యా. కానీ ఇల్లు కూడా పోతాదని నాకు తట్టనేదు."

తర్వాత వాడు అడిగిన ప్రశ్నే ఈ కథనానికి మూలం. ప్రతిసారీ మొదటికొచ్చే ఆటలో ఇల్లు కట్టడం దేనికి? అవునో కాదో ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఎందుకంటే ఇక్కడ రెండు వేరువేరు చరిత్రలు వచ్చి ఢీకొన్నాయి. ఆటల్లో ఇల్లు అనే ఆలోచన ఒక దారిలో పెరిగింది. గెలిచాక మళ్ళీ మొదలుపెట్టడం అనే ఆలోచన ఇంకో దారిలో పెరిగింది. చాలాకాలం వాటికి ఒకదానితో ఒకటి పనిపడలేదు.

మా తరానికి ఆటలో ఇల్లంటే మొదట తెలిసింది జీటీఏ వైస్ సిటీలో. 2002లో ప్లేస్టేషన్ 2కి, 2003లో కంప్యూటర్లకు వచ్చిన ఆట. శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో గంటకు పదిహేను రూపాయలిచ్చి ఆడేవాళ్ళం. ఆ ఆటలో ఇల్లు కొనడం దర్జా కోసం కాదు. సొంతమైన ఇంట్లోనో వ్యాపార స్థలంలోనో తప్ప ఇంకెక్కడా సేవ్ చేసుకోవడానికి వీల్లేదు. మొదట్లో ఓషన్ వ్యూ హోటల్ గది ఒక్కటే ఉంటుంది. ఊరికి ఆ చివర మిషన్ పూర్తిచేసి ఇంత దూరం వచ్చేలోగా పోలీసులకు దొరికితే తుపాకులన్నీ పోయినట్టే. అందుకే డబ్బు చేతికందగానే ఎల్ స్వాంకో కాసాకు ఎనిమిది వేల డాలర్లు, హైమన్ కాండోకు పద్నాలుగు వేలు పెట్టి కొనేసేవాళ్ళం. ఇల్లంటే ఆట నిన్ను గుర్తుపెట్టుకునే చోటు. నా దృష్టిలో ఇప్పటికీ ఇంతకంటే మంచి నిర్వచనం లేదు.

కానీ నెట్ సెంటర్ యజమాని వైరస్‌ల భయంతో, రీస్టార్ట్ చేయగానే పాత స్థితికి వెళ్ళిపోయే సాఫ్ట్‌వేర్ అన్ని కంప్యూటర్లకూ వేయించాడు. కరెంటు పోతే చాలు, సేవ్‌లన్నీ మాయం. ఆ ఎల్ స్వాంకో కాసాను మేము ఎన్నిసార్లు కొన్నామో లెక్కలేదు. మిగిలింది ఒక్కటే, ఆ ఊరి దారులు మా తలల్లో ఉండిపోవడం. ఏ సందులోంచి వెళితే పోలీసులు తప్పుతారో, ఏ మిషన్‌కు ఏ బండి కావాలో మూడో వారానికే కంఠతా వచ్చేసింది. మొదటిరోజు సాయంత్రమంతా పట్టిన మిషన్లు అరగంటలో అయిపోయేవి. ఇల్లు పోయేది, నేర్పు ఉండేది. తర్వాత ఎవరో పెన్‌డ్రైవ్ తెచ్చి సేవ్ ఫోల్డర్‌ను కాపీ చేసుకోవడం నేర్పాక ఆ బాధ తీరింది. ఆ పెన్‌డ్రైవ్‌ను మెడలో తాడుకు కట్టుకుని తిరిగాను.

అంతకుముందే అమెరికాలో ఇళ్ళు ఇంకో పద్ధతిలో పెరిగాయి. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్‌లో వేలమంది ఒకే లోకంలో ఆడేవారు. ఖాళీ జాగా చూసుకుని ఇల్లు వేసుకోవచ్చు. జాగా తరిగిపోయింది, ఆటలోని ఇళ్ళు అసలు డబ్బుకు అమ్ముడుపోయాయి. యజమాని చాలాకాలం రాకపోతే ఇల్లు శిథిలమై కూలిపోయేది. ఫైనల్ ఫాంటసీ 14లో ఇప్పటికీ దాదాపు అదే నియమం. 45 రోజులు ఇంట్లో అడుగుపెట్టకపోతే స్థలం చేజారిపోవచ్చు. ఆ లోకాల్లో ఇల్లు కూలవచ్చు గానీ లోకం మారదు. నీ ఇంటి పక్కవాడు పక్కవాడిగానే ఉంటాడు.

స్టార్‌ఫీల్డ్ చేసిన బెథెస్డా వాళ్ళది మూడో దారి. ఒంటరిగా ఆడే ఆటలోనే ఇంటిని పెంచుతూ వచ్చారు. 1996 నాటి డాగర్‌ఫాల్‌లోనే ఇల్లు కొనుక్కోవచ్చు, ఓడ కూడా కొనుక్కోవచ్చు. 2002లో మారోవిండ్‌లో అమ్మకానికి ఇళ్ళు లేవు. ఒక పెద్ద వంశంలో చేరి పేరు తెచ్చుకుంటే వాళ్ళే కోట కట్టించేవారు. కొంతమంది ఆటగాళ్ళు అంత ఓపిక లేక ఊళ్ళో ఎవరినో చంపి వాళ్ళ ఇంట్లోనే కాపురం పెట్టేసేవారు. ఆ ఆటలో జనాన్ని కట్టిపడేసిన విషయం చిన్నదే. బల్లమీద పెట్టిన చెంచా, నెల తర్వాత వచ్చినా అక్కడే ఉండేది. 2006లో అబ్లివియన్‌లో రెండువేల బంగారు నాణేలకు నీటి ఒడ్డున పూరిపాక దొరికేది. 2011లో స్కైరిమ్‌లో వైట్‌రన్ ఊరి బ్రీజ్‌హోమ్ ఐదువేలు. మరుసటి ఏడాది హార్త్‌ఫైర్ అనే అదనపు భాగం వచ్చి స్థలం కొనుక్కుని మేకులు, దూలాలు లెక్కపెట్టుకుంటూ స్వయంగా ఇల్లు కట్టుకోమంది. పిల్లల్ని దత్తత తీసుకోమంది. 2015లో ఫాల్‌అవుట్ 4 ఒక్క ఇంటితో ఆగక ఊళ్ళకు ఊళ్ళే కట్టుకోమంది.

ఇన్నేళ్ళలో ఈ ఆటల్లో ఒక్కదానిలోనూ న్యూ గేమ్ ప్లస్, అంటే గెలిచాక సంపాదించిన బలంతో మళ్ళీ మొదటినుంచి ఆడే పద్ధతి, లేదు. ఒకే మనిషి, ఒకే జీవితం, వందలకొద్దీ గంటలు. ఇంటికి విలువ వచ్చింది దానివల్లే. వైట్‌రన్‌లో ఇల్లు కొన్నవాడికి ఆ ఊరు వదిలిపోవలసిన అగత్యం ఎప్పుడూ రాలేదు.

రెండో చరిత్ర జపాన్‌ది. గెలిచాక మళ్ళీ ఆడించే అలవాటు పాతదే. 1986 నాటి తొలి జెల్డా ఆట పూర్తిచేస్తే, గుహలన్నీ మార్చేసిన రెండో యాత్ర ఎదురయ్యేది. పేరు స్థిరపడింది మాత్రం 1995లో స్క్వేర్ సంస్థ విడుదల చేసిన క్రోనో ట్రిగర్‌తో. న్యూ గేమ్ ప్లస్ ఎంచుకుంటే అప్పటిదాకా సంపాదించిన బలం, ఆయుధాలు మనతోనే ఉంటాయి, కథ మొదటినుంచి మొదలవుతుంది. ఆ ఆటకు ముగింపులు చాలా ఉన్నాయి. అవన్నీ చూడటానికి ఇది దగ్గరిదారి. అక్కడ పోగొట్టుకునేది పెద్దగా ఏమీ లేదని గమనించాలి, ఎందుకంటే ఆ ఆటలో మనం కట్టుకున్నది ఏమీ లేదు. ఈ దారిలోనే ఇంకా ముందుకు వెళ్ళి, 2010 నాటి నియర్ ఆట చివరి ముగింపు కోసం నీ సేవ్‌లన్నీ చెరిపేసుకోమని అడిగింది. పోగొట్టుకోవడాన్నే కథగా చేసింది. ఆ ఆటలో ఆ బాధ కుదిరింది, ఎందుకంటే కథ మొదటినుంచీ నిన్ను ఆ త్యాగం వైపే నడిపిస్తుంది.

2023 సెప్టెంబర్ 6న స్టార్‌ఫీల్డ్ ఈ రెంటినీ ఒకే కప్పు కిందికి తెచ్చింది. ఒక చేత్తో ఇళ్ళిచ్చింది. మొదట పాత్రను తయారుచేసుకునేటప్పుడే ‘డ్రీమ్ హోమ్’ అనే లక్షణం ఎంచుకుంటే లక్షా ఇరవై ఐదువేల క్రెడిట్ల గృహరుణంతో ఒక అందమైన ఇల్లు వస్తుంది. మొదట ఎనిమిది అవుట్‌పోస్టులు వేసుకోవచ్చు, నైపుణ్యం పెంచుకుంటే ఇరవై నాలుగు దాకా. ఇంకో చేత్తో, యూనిటీ దాటితే ఇవన్నీ తీసేసుకుంది. వెంట వచ్చేవి లెవెల్, నైపుణ్యాలు, శక్తులు. ఒంట్లో ఉన్నదే వస్తుంది, చేత్తో కట్టింది రాదు.

వెళ్ళడానికి ఆశలు కూడా గట్టిగానే చూపింది. మొత్తం 24 శక్తులు, ప్రతి విశ్వంలోనూ గుళ్ళు తిరిగి ఒక్కోదాన్ని పదో మెట్టు దాకా పెంచుకోవచ్చు. కొత్త ఓడా, కొత్త సూటూ దాటేకొద్దీ మెరుగవుతాయి. పదోసారి తర్వాత ఇక పెరిగేది ఉండదు. ఉండిపోయినవాడికి మాత్రం ఆట ఏమీ ఇవ్వదు. నా ఫిర్యాదు ఇక్కడే. వెళ్ళేవాడికి బహుమతులు పెట్టి, ఉండేవాడికి ఒక్క మంచిమాట కూడా చెప్పని ఆటలో ఇల్లు కట్టుకున్నవాడు తెలివితక్కువవాడిలా కనిపిస్తాడు. వాడు తెలివితక్కువవాడు కాడు. ఇరవై ఏళ్ళుగా అదే సంస్థ ఆటలు నేర్పిన పాఠాన్ని నమ్మినవాడు.

మా పెద్దమ్మ వాళ్ళ ఊరు హిరమండలం వైపు, వంశధార రిజర్వాయర్ ముంపులో పోయింది. ఆటలో పోయిన ఇంటినీ దాన్నీ ఒక తక్కెట్లో పెట్టడం లేదు, పెట్టకూడదు కూడా. కానీ ఖాళీ చేసినప్పుడు పెద్దనాన్న చేసిన పని నా కళ్ళముందు ఉంది. గోడలు వదిలేశాడు. దారబందం, తలుపులు, వాసాలు, పగలని పెంకులు ట్రాక్టర్ మీద వేయించాడు. కాలనీలో కొత్త ఇంటికి ఆ పాత దారబందమే ఎత్తారు. కొత్త గోడకు అది పొడవైపోతే మేస్త్రి గోడనే ఒక వరస పెంచాడు. స్టార్‌ఫీల్డ్ రూపకర్తలు ఆలోచించవలసింది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఇల్లు ఇవ్వకపోయినా పర్వాలేదు, ఇంటి నక్షాను ఇవ్వొచ్చు. అవుట్‌పోస్ట్ అమరిక, ఓడ డిజైన్ గుర్తుపెట్టుకుని, సరుకు మళ్ళీ పోగుచేసుకుంటే కట్టుకోనిచ్చే వీలు. ఆట వచ్చినప్పుడు అది లేదు. 2024 మే అప్‌డేట్‌లో ఓడ లోపల నచ్చినట్టు సర్దుకునే సదుపాయం వచ్చినప్పుడు చాలా సంతోషించాను. కానీ అప్పట్లో ఆ ఓడ కూడా యూనిటీ ఇవతలే ఉండిపోయేది.

మరి తమ్ముడికి ఏం చెప్పాను? సామాను దాచుకోవడానికే అయితే ఇల్లు అక్కర్లేదన్నాను. మొదట్లోనే మన జట్టు ఉండే లాడ్జ్ అనే భవనంలో మన గది దొరుకుతుంది, అక్కడి పెట్టెలో ఎంత పెట్టినా నిండదు. డబ్బు కోసమే అయినా అక్కర్లేదు, మిషన్లు చేస్తే అంతకంటే త్వరగా వస్తుంది. అవుట్‌పోస్ట్ నిజంగా పనికొచ్చేది లెవెల్ పెంచే అనుభవం పాయింట్ల కోసం. బెసెల్ త్రీ-బి అనే చంద్రుడి మీద ఇనుమూ అల్యూమినియమూ ఒకేచోట దొరుకుతాయి. వాటితో అడాప్టివ్ ఫ్రేములు అనే విడిభాగాలు వందలకొద్దీ చేస్తే లెవెల్ పెరుగుతుంది. లెవెల్ యూనిటీ దాటి వస్తుంది. అంటే ఆ గని పోయినా గని పెట్టిన ఫలం పోదు. పది విశ్వాలు తిరగాలని ఉన్నవాడు మధ్యలో ఇంతకుమించి కట్టనక్కర్లేదు. రెండో విశ్వం నుంచి ప్రధాన కథ వదిలేసి నేరుగా యూనిటీకి దారి తెరిచే ఆర్టిఫాక్టుల వెంట పడే దారి కూడా ఆట ఇస్తుంది కాబట్టి, ఆ మధ్య విశ్వాలు మజిలీల్లాంటివి. సత్రంలో దిగినవాడు గోడలకు సున్నం వేయడు.

ఇల్లు కట్టవలసింది ఉండిపోదామనుకున్న విశ్వంలో. అది మొదటిదైనా కావచ్చు, పదకొండోదైనా కావచ్చు. యూనిటీ తలుపు తెరుచుకున్నంత మాత్రాన వెళ్ళాలని ఎవరూ బలవంతపెట్టరు. నేనైతే మొదటి విశ్వంలోనే ఆగిపోయాను. శక్తులు మొదటి మెట్టులోనే ఉన్నాయి, నాకు చాలు. తమ్ముడు ఒప్పుకోలేదు. "ఆ సూటు సూడకుండా ఎలా అన్నియ్యా" అంటాడు. వాడి వయసులో నేనూ ఒప్పుకునేవాడిని కాను.

ఆ రాత్రి వాడికి తోచని సంగతి ఒకటుంది. యూనిటీలోకి నడిచేముందు చేసిన సేవ్ వాడి కంప్యూటర్లోనే ఉంది. ఆట పాత విశ్వాన్ని చెరపదు, నువ్వు దాన్ని వదిలి వెళ్ళావని మాత్రమే అనుకుంటుంది. నెట్ సెంటర్ రోజుల్లో మాకు లేనిది అదే. ఫోన్లోనే ఫోల్డర్ ఎక్కడుందో చెప్పి, తేదీ చూసి వేరుచేయించి, పేరు మార్చి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోమన్నాను. కాసేపటికి ఫొటో పంపాడు. పెంట్‌హౌస్ కిటికీ, దాని పక్కన మొక్క, బల్లమీద వాడు వదిలిన కప్పు. అన్నీ పెట్టినచోటే ఉన్నాయి.