కొత్త ఎస్‌యూవీ పదేళ్లు నిలుస్తుందా? మా ఘాట్ రోడ్ల మీద రోజూ వినే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

ఒడిశాలోని మా రాయగడలో కొత్త బండి కొన్నవాళ్లు ముందు మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయిస్తారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు, తెలిసినవాళ్లైతే అక్కడి నుంచి తిన్నగా నా గ్యారేజీకి వచ్చేస్తారు. స్వీటు చేతిలో పెట్టి అందరూ అడిగేది ఒకటే: "అన్నయ్యా, ఈ బండి పదేళ్లు వస్తుందా?" ఒడియా వాళ్లు "భాయినా" అంటారు, ప్రశ్న మాత్రం అదే. పదిహేను, ఇరవై లక్షలు అప్పు చేసి పిల్లల కోసం, పెద్దవాళ్ల కోసం కొనుక్కున్న బండి, ఆ భయం నాకు అర్థమవుతుంది.

బండి పేరు చూసి నేను జవాబు చెప్పలేను. రోజూ ఎంత దూరం తిప్పుతారు, ఏ రోడ్డు మీద తిప్పుతారు, మొదటి రెండేళ్లు దాన్ని ఎలా చూసుకున్నారు, ఈ మూడూ చెబితే చాలావరకు చెప్పగలను. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే నెలలో కొన్న రెండు బండ్లు నా దగ్గరికి వస్తే ఒకటి కొత్తదానిలా ఉంటుంది, ఇంకొకటి నాలుగేళ్లకే టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టేది), ఇంజెక్టర్లు (ఇంధనం చిమ్మేవి) అంటూ లక్షల ఖర్చులో పడుతుంది. ఆ తేడా ఎక్కడ వస్తుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: ఎస్‌యూవీ అంటే డీజిలే కొనాలి, డీజిల్ ఇంజన్‌కు చావు లేదు

ఈ మాట ఒకప్పుడు చాలావరకు నిజం. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 అనే పొగ కాలుష్య నిబంధన వచ్చాక లెక్క మారింది, మనవాళ్ల నోట్లో మాట మాత్రం మారలేదు. ఇప్పటి డీజిల్ బండి సైలెన్సర్ లైనులో డీపీఎఫ్ అని ఒక జల్లెడ లాంటిది ఉంటుంది. పొగలోని మసి అందులో ఆగుతుంది, ఆగిన మసిని బండే అప్పుడప్పుడు కాల్చేసుకోవాలి. అది కాలాలంటే లోపల దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడి రావాలంటే బండి కాసేపు ఆగకుండా పరుగెత్తాలి.

నా కస్టమర్ ఒకాయన ఉన్నారు, స్కూలు మాస్టారు. ఇల్లు, బడి, బజారు, అన్నీ కలిపి రోజుకు ఎనిమిది కిలోమీటర్లు దాటవు. అందరూ చెప్పారని డీజిల్ తీసుకున్నారు. ఏడు నెలలకే డీపీఎఫ్ లైటు వెలిగింది, ఆయన పట్టించుకోలేదు, ఎందుకంటే బండి బాగానే నడుస్తోంది. నా దగ్గరికి వచ్చినప్పుడు డిప్‌స్టిక్ తీసి చూస్తే ఇంజన్ ఆయిల్ మ్యాక్స్ గీత దాటి పైకి ఉంది, వాసన చూస్తే డీజిల్ వాసన. మసి కాల్చడానికి బండి అదనంగా డీజిల్ కొడుతుంది, ఆ పని సగంలో ఉండగా ఈయన ఇల్లు వచ్చేసి కీ తిప్పేస్తారు, ఇలా రోజూ జరిగేసరికి కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట ఆయిల్లోకి దిగింది. ఆయిల్ పల్చబడితే ముందు దెబ్బ తినేవి టర్బో, బేరింగులు. ఆయిల్ పెరిగింది కదా మంచిదే అనుకునేవాళ్లను కూడా చూశాను, దయచేసి అలా అనుకోకండి. తగ్గడం ఎంత ప్రమాదమో పెరగడం కూడా అంతే ప్రమాదం.

ఆయన బండికి ఆయిల్, ఫిల్టర్ మార్చి, మెషిన్ పెట్టి మసి కాల్పించి పంపాను. వారానికోసారి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు కొరాపుట్ రోడ్డు మీద ఆగకుండా నడపమన్నాను, గేరు కాస్త తక్కువలో ఉంచి ఇంజన్‌ను రెండు వేల ఆర్పీఎం పైన తిప్పమన్నాను. బండి ఆపబోతుంటే ఫ్యాన్ గట్టిగా తిరుగుతున్నా, ఐడిల్ (బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం) మామూలు కంటే ఎక్కువగా ఉన్నా మసి కాలుతోందని అర్థం, అప్పుడు ఆపేయకుండా ఇంకో రౌండ్ తిప్పి రండి. ఆయిల్ కూడా హ్యాండ్‌బుక్‌లో రాసిన గ్రేడే పోయాలి. డీపీఎఫ్ బండ్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ వేరే ఉంటుంది. మసి కాలిపోతుంది గానీ ఆయిల్ బూడిద కాలదు, అది జల్లెడలోనే ఉండిపోతుంది.

కొన్ని డీజిల్ బండ్లకు యాడ్‌బ్లూ ట్యాంకు కూడా ఉంటుంది, పొగలోని విషవాయువులను తగ్గించే ద్రవం అది. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. ఇంట్లో పొలం యూరియా ఉంది కదా, నీళ్లలో కలిపి పోసేద్దామా అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. వద్దు. ఆ సిస్టమ్ మొత్తం మార్చాల్సి వస్తుంది.

వారం వారం వైజాగ్ వెళ్లి వచ్చేవాళ్లు, ఏడుగురిని ఎక్కించుకుని నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లు డీజిలే కొనండి, అలాంటి పనికి దాన్ని మించింది లేదు. ఊళ్లోనే తిరిగే ఇంటికి పెట్రోల్ మేలు.

అపోహ: పెట్రోల్ తీసుకుంటే ఈ20 వల్ల ఇంజన్ పోతుంది

2023 ఏప్రిల్ తర్వాత తయారైన పెట్రోల్ బండ్లలో పైపులు, సీళ్లు ఈ20కి, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు తగ్గట్టు చేసినవే. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొంచెం తగ్గితే అది ఇంజన్ జబ్బు కాదు. ఇథనాల్ తేమను పీలుస్తుంది, అందుకని బండిని నెలల తరబడి కదపకుండా వదిలేయకండి. లోపలి ఊళ్లలో దుకాణాల ముందు సీసాల్లో అమ్మే పెట్రోల్, డీజిల్ విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను, ప్రాణం మీదికి వస్తే తప్ప పోయొద్దు. ఇప్పటి డీజిల్ బండ్లలో ఉండే కామన్ రైల్ పంపు వెయ్యి బార్‌కు పైన ఒత్తిడిలో పనిచేస్తుంది, దానికి నూనెలాంటి తడి ఇచ్చేది డీజిలే. అందులో నీళ్లు కలిస్తే పంపు లోపల ఇనుము అరిగి, ఆ పొడి ఇంజెక్టర్లన్నిటికీ పాకుతుంది.

అపోహ: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుంది

దీని గురించి రాస్తుంటే నాకు కోపం వస్తుంది. సుంకి ఘాట్‌లో సాలూరు వైపు దిగుతుంటే ముందు బండి చక్రాల నుంచి కాలిన బ్రేక్ వాసన వస్తుంది, లోపల చిన్నపిల్లలు కిటికీలోంచి చేతులు ఊపుతుంటారు. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఇంధనం కొట్టడం పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి ఐడిల్ ఇంధనం కాలుస్తూనే ఉంటుంది. అంటే న్యూట్రల్‌లోనే ఖర్చు ఎక్కువ. పైగా బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది.

బ్రేక్ ఆయిల్ ఎవరూ గుర్తుపెట్టుకోరు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే గ్రేడు బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు చేరిన తర్వాత ఆ హద్దు 155 దగ్గరికి పడిపోతుంది. ఘాట్‌లో ఆయిల్ మరిగితే లైనులో ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి మార్చండి, కిలోమీటర్లు తిరగకపోయినా సరే. ఎక్కిన గేరులోనే దిగండి అని పాత లారీ డ్రైవర్లు చెప్పే మాట ఎస్‌యూవీకి కూడా సరిపోతుంది. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లోనో, ఎల్‌లోనో పెట్టండి.

ఎక్కడం గురించి కూడా ఒక మాట. ఫుల్ లోడ్‌తో ఘాట్ ఎక్కి పైన టీ కోసం ఆపగానే కీ తిప్పేయకండి, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి. టర్బో ఎర్రగా కాగి ఉంటుంది, ఆయిల్ తిరగడం ఆగిపోతే ఉన్న ఆయిల్ అక్కడే మాడుతుంది. డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఉన్నవాళ్లు ఎత్తులో ట్రాఫిక్ ఆగితే యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, బ్రేక్ తొక్కి ఆగండి. వాటిలో ఆయిల్ లేకుండా పనిచేసే డ్రై క్లచ్ వేడెక్కి పోయేది సరిగ్గా అక్కడే.

అపోహ: పాత బొలెరోలే నయం, కొత్తవన్నీ సెన్సార్ల పెట్టెలు

బొలెరో మీద నాకూ గౌరవం ఉంది, దాని మీదే పని నేర్చుకున్నాను, లక్ష్మీపూర్ దగ్గర రోడ్డు పక్కన స్పానర్లతో విప్పి మళ్లీ బిగించిన రోజులున్నాయి. కానీ సెన్సార్ బండిని పాడుచేయదు, పాడవుతుంటే చెబుతుంది. "సెన్సార్ పోయింది" అని నా దగ్గరికి వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి అసలు రోగం బలహీనపడిన బ్యాటరీ, తుప్పు పట్టిన ఎర్త్ వైరు, ఎలుకలు కొరికిన వైరింగ్.

స్కానర్‌లో కనిపించే కోడ్ పాడైన పార్టు పేరు కాదు. పీ0299 వస్తే టర్బో ఒత్తిడి చాలడం లేదని మాత్రమే అర్థం. ఒకచోట ఆ కోడ్ చూసి కొత్త టర్బో వేయాల్సిందేనని ఒక కుటుంబానికి పెద్ద ఎస్టిమేట్ ఇచ్చారు. నా దగ్గరికి తెస్తే చూశాను, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం క్లిప్ దగ్గర చీలింది, అంతే. మెకానిక్ కోడ్ చెప్పగానే "ఏం పరీక్ష చేసి తేల్చారు?" అని అడగండి. అడిగితే తప్పేమీ లేదు, మంచి పనివాడు విసుక్కోడు.

అపోహ: పది వేల కిలోమీటర్లకు సర్వీసు, అంతవరకు బానెట్ తెరవక్కర్లేదు

పుస్తకంలో పది వేలు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది. దాని కిందే చిన్న అక్షరాల్లో దుమ్ము రోడ్లు, చిన్న దూరాలు, కొండ ప్రాంతం అయితే ఇంకా ముందే మార్చాలని కూడా ఉంటుంది. మన దగ్గర ఆ మూడూ ఉన్నాయి. టికిరి, కాశీపూర్ వైపు తిరిగే బండ్ల ఎయిర్ ఫిల్టర్ తీస్తే ఎర్రమట్టి గుప్పెడు రాలుతుంది. అలాంటి బండికి నేను అయిదారు వేలకే ఆయిల్ మారుస్తాను, ఫిల్టర్ ప్రతి మూడు వేలకు చూస్తాను. ఫిల్టర్‌కు గాలి కొట్టాలంటే లోపలి వైపు నుంచి బయటికి, మెల్లగా కొట్టాలి. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితం పోగుల్లోకి దిగుతుంది, కాగితానికి చిల్లు పడితే ఆ మట్టి నేరుగా సిలిండర్‌లోకే వెళుతుంది.

కూలంట్‌లో కుళాయి నీళ్లు పోయొద్దు. తప్పనిసరై పోస్తే ఊరికి రాగానే మార్పించండి.

అపోహ: అయిదు స్టార్లు వచ్చాయి, కాబట్టి బండి గట్టిది

స్టార్లు ఢీకొన్నప్పుడు లోపలి మనుషులు ఎంత భద్రంగా ఉంటారో చెబుతాయి. మన దేశంలో ఈ స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష 2023 అక్టోబర్ నుంచి ఉంది, బండి ముందు భాగాన్ని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూస్తారు. కుటుంబం కోసం కొనేవాళ్లు అది తప్పకుండా చూడాలి, నేనూ చూస్తాను. కానీ గేర్‌బాక్స్ ఎనిమిదేళ్లు వస్తుందా, సస్పెన్షన్ బుష్‌లు ఎప్పుడు అరుగుతాయి అనేది ఆ పరీక్ష చెప్పదు. రెండింటినీ కలపకండి.

అపోహ: ఎస్‌యూవీ ఎత్తుగా ఉంటుంది, వాగులో దింపొచ్చు

2017 జులైలో నాగావళికి వరద వచ్చి తెరువలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయింది. ఆ నీటి బలం చూసినవాళ్లు కూడా ఏళ్లు గడిచాక మళ్లీ అదే ధైర్యం చేస్తున్నారు. బండి ఎత్తు కాదు, గాలి పీల్చే గొట్టం ఎంత ఎత్తులో ఉందో అది ముఖ్యం, చాలా బండ్లలో అది హెడ్‌లైటు దగ్గరే ఉంటుంది. అందులోంచి నీళ్లు సిలిండర్‌లోకి వెళితే, నీరు గాలిలా నొక్కుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేయొద్దు, ఒక్కసారి కూడా వద్దు, తోయించి బయటికి లాగించండి. ఆగిపోవడం వల్ల పోని ఇంజన్ ఆ సెల్ఫ్ కొట్టడం వల్ల పోతుంది. మామూలు ఇన్సూరెన్స్ ఈ నష్టం ఇవ్వదు, ఇంజన్ ప్రొటెక్ట్ కవర్ విడిగా తీసుకోవాలి.

టైర్లలో నైట్రోజన్ గాలి నింపించాలా అని కూడా రోజూ అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నెలకు రెండుసార్లు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ చూపించండి, అది చాలు.

అపోహ: వారంటీ ఉంది కదా, టెన్షన్ ఎందుకు

వారంటీ కాగితం సర్వీసులు టైముకు చేయించినవాళ్లకే పనికొస్తుంది. కొన్న వారానికే బయట షాపులో వైర్లు కోసి పెద్ద హారన్, ఫాగ్ లైట్లు పెట్టిస్తారు, ఏడాది తర్వాత ఎలక్ట్రికల్ సమస్య వస్తే క్లెయిమ్ ఇవ్వనంటారు. పెట్టించక తప్పదనుకుంటే కంపెనీ కప్లర్‌తోనే, వైరు కోయకుండా పెట్టించండి.

వైజాగ్‌లో పదివేలు తగ్గుతుందని అక్కడ కొని, మన రాయగడ ఓడీ 18 నంబరు వేయించుకుని, తర్వాత ప్రతి సర్వీసుకు ఒక రోజంతా పోగొట్టుకునేవాళ్లు మన ఊళ్లో చాలామంది. ఇంటికి రెండు గంటల లోపు ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందా, దగ్గర్లో దాని పార్టులు దొరుకుతాయా అని బుకింగ్‌కు ముందే చూసుకోండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ సాధారణంగా మొదటి వారంటీ అయిపోకముందే తీసుకోవాలి, దేనికి వర్తించదో ఆ పేజీ చదివాకే డబ్బు కట్టండి. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయనో, ఇంగ్లీషులో ఉందనో వదిలేయకండి, ఆ పుస్తకం పట్టుకుని సాయంత్రం ఆరు తర్వాత గ్యారేజీకి రండి, పక్కన కూర్చుని తెలుగులో చదివి చెబుతాను.