ఆయాసంలో మెడ ఎందుకు తిరగదు?

పిల్లలూ,

నిన్న ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక మీలో ఒకడు నా పక్కన కూలబడి, "ఎడమవైపు వాడు ఖాళీగా ఉన్నాడని నాకు కనబడనే లేదు తాతయ్యా, ఒట్టు" అన్నాడు. నేను నమ్మాను. గీత బయట కూర్చుని అంతా చూశాను కదా. ఆట ఇంకో పది నిమిషాల్లో అయిపోతుంది. బంతి వచ్చేసరికి వాడు నోరు తెరుచుకుని రొప్పుతున్నాడు, చూపంతా బంతి మీదే ఉంది. ఎడమ పక్క తోటివాడు చెయ్యెత్తి అరుస్తున్నాడు. మనవాడు నేరుగా ముగ్గురి మధ్యలోకి దూరాడు. ఇంకేముంది, బంతి పోయింది. ఆట మొదట్లో ఇదే కుర్రాడు బంతి తన దాకా రాకముందే రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూసుకుని, ఒకే టచ్‌తో పాస్ ఇచ్చాడు.

ఆయాసం వస్తే బుర్ర పనిచేయదని అందరూ తేలిగ్గా అనేస్తారు. అది సగమే నిజం. సైకిల్ తొక్కిస్తూనే ఆటగాళ్ళకు మ్యాచ్ దృశ్యాలు చూపించి, "ఇప్పుడు నువ్వైతే ఏం చేస్తావు?" అని అడిగిన ప్రయోగాలున్నాయి. కొన్నిటిలో ఒళ్ళు కష్టపడుతున్నప్పుడే జవాబు త్వరగా వచ్చింది, తప్పులు కూడా పెరగలేదు. ఆశ్చర్యమేమీ లేదు. ఒళ్ళు వేడెక్కితే అడ్రినలిన్, నోరడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి, మెదడు చురుగ్గా ఉంటుంది. వార్మప్ చేయకుండా దిగితే మొదటి నిమిషాల్లో మీరు మొద్దుగా ఆడేది అందుకే.

మరి నిన్నటి సంగతేమిటి? నాకు తోచింది చెబుతాను. ప్రయోగంలో బొమ్మ కళ్ళెదుటే ఉంటుంది. గ్రౌండ్‌లో బొమ్మను మనమే పోగుచేసుకోవాలి. మెడ తిప్పాలి, ఎవరెక్కడ ఉన్నారో గుర్తుపెట్టుకోవాలి, రెండు క్షణాల్లో వాళ్ళు కదిలిపోతే మళ్ళీ చూడాలి. అలసినవాడు ముందు మానేసేది ఈ పనినే. పరుగు తగ్గితే కోచ్ అరుస్తాడు, మెడ తిరగడం తగ్గితే ఎవరికీ తెలియదు. ఆపైన వాడు తీసుకునేది పాత బొమ్మ మీద కొత్త నిర్ణయం.

1908లో యెర్కీస్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తొస్తుంది. తప్పు దారిలో వెళ్తే చిన్న కరెంటు షాక్. (పాపం ఎలుకలు.) తేలిక పని అయితే షాక్ గట్టిదైనకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి. తేడా పసిగట్టడం కష్టమైన పనిలో మాత్రం ఓ మోస్తరు షాకే బాగా పనిచేసింది, గట్టిది చెడగొట్టింది. ఎలుకలకూ ఫుట్‌బాల్‌కూ ఏం సంబంధం అంటారా? ఎదురుగా వచ్చిన బంతిని తన్నడం తేలిక పని. ఆ పని ఎంత రొప్పుతున్నా జరిగిపోతుంది. నలుగురిలో ఎవరికివ్వాలో తేల్చుకోవడం రెండో రకం.

పైగా తొందరపాటుకు కళ్ళెం వేసే మెదడు భాగం నుదుటి వెనక ఉంటుంది. అది పూర్తిగా ఎదిగేది ఇరవై దాటిన కొన్నేళ్ళకు. కాబట్టి పన్నెండేళ్ళవాడు చివరి నిమిషాల్లో గుడ్డిగా దూసుకుపోతే "కళ్ళు లేవా?" అని అరవడం అన్యాయం. నేనూ ఒకప్పుడు అరిచినవాణ్ణే. పాస్‌లన్నీ ఉత్సాహంగా ఉన్నప్పుడు నేర్పించి, పరుగులు చివర్లో విడిగా పెట్టేవాణ్ణి. అలసిపోయి ఆలోచించడం మాత్రం ఎప్పుడూ నేర్పలేదు.

ఇంకో మాట. చెమట పట్టకుండా కూడా బుర్ర అలసిపోతుంది. అరగంట సేపు రంగుల పేర్లతో తికమకపెట్టే పరీక్ష రాయించి ఆడిస్తే ఆటగాళ్ళ పాస్‌లు, నిర్ణయాలు దెబ్బతిన్నాయని ప్రయోగాల్లో తేలింది. మ్యాచ్‌కి ముందు ఫోన్లో గేమ్‌లు వద్దని నేను గోల చేసేది చాదస్తం కాదన్నమాట.

ఇప్పుడో చిన్న ఆట. మీ వెనక ఒకరు నిలబడి వేళ్ళు చూపిస్తారు. ఎదుటివాడు బంతి మీకు తన్నుతాడు. బంతి కాలికి తగిలేలోపు వెనక్కి చూసి ఎన్ని వేళ్ళో చెప్పాలి. హాయిగా ఉన్నప్పుడు పదిసార్లు, గ్రౌండ్ ఆ చివరిదాకా నాలుగుసార్లు పరుగెత్తి వచ్చి వెంటనే పదిసార్లు. కళ్ళు తిరిగినట్టుంటే ఆపేసి నీళ్ళు తాగండి, పౌరుషానికి పోవద్దు. ఒక్కొక్కరూ హాయిగా ఉన్నప్పుడు ఎన్ని, పరుగెత్తాక ఎన్ని సరిగ్గా చెప్పారో కాగితం మీద రాసి ఆదివారం నాకు చూపించండి. తప్పు చెప్పినవి ఎన్ని, అసలు వెనక్కి చూడటమే మరిచిపోయినవి ఎన్ని అన్నది విడివిడిగా రాయండి. నాకు కావలసింది ఆ రెండోదే.

మీ తాతయ్య