కేర్ హోముల్లో సీక్యూసీ తనిఖీలు: అపోహలు, వాస్తవాలు

ఇంగ్లండ్‌లో నర్సింగ్ సదుపాయం ఉన్న ఒక కేర్ హోములో, అంటే సంరక్షణ అవసరమైన వృద్ధులు ఉండే నివాసంలో, నేను నర్సుగా పనిచేస్తున్నాను. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రభుత్వం కేరర్ల (సంరక్షణ సహాయకుల) ఉద్యోగాన్ని కొరత ఉన్న వృత్తుల జాబితాలో చేర్చిన తరువాత ఈ రంగంలోకి వచ్చినవారిలో తెలుగువారూ ఉన్నారు. కొత్తగా చేరినవారికి మనుషులను ఎత్తడం, స్నానం చేయించడం, మందులు ఇవ్వడం శిక్షణలో నేర్పుతారు గానీ, తనిఖీ అంటే ఏమిటో, అధికారి వచ్చినప్పుడు తమ బాధ్యత ఏమిటో మాత్రం సహోద్యోగుల మాటల ద్వారానే తెలుస్తుంది. ఆ మాటల్లో సగం భయం, మిగతా సగం పొరపాటు సమాచారం. దాని వల్ల నష్టపోయేది చివరికి మంచంలో ఉన్న వృద్ధులే కాబట్టి, నేను తరచుగా వినే కొన్ని అపోహలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా నేపథ్యం. సీక్యూసీ, అంటే ఇంగ్లండ్‌లో ఆరోగ్య, సంరక్షణ సేవలను తనిఖీ చేసే నియంత్రణ సంస్థ కేర్ క్వాలిటీ కమిషన్, 2008 నాటి హెల్త్ అండ్ సోషల్ కేర్ చట్టం కింద ఏర్పడి 2009 ఏప్రిల్ నుంచి పనిచేస్తోంది. సేవ సురక్షితంగా ఉందా, ఫలితం ఇస్తోందా, ఆదరణతో అందుతోందా, మనిషి అవసరానికి తగినట్టు మారుతోందా, నాయకత్వం సరిగా ఉందా అన్న ఐదు ప్రశ్నలకు జవాబు వెతికి, ఔట్‌స్టాండింగ్, గుడ్, రిక్వైర్స్ ఇంప్రూవ్‌మెంట్, ఇనాడిక్వేట్ అన్న నాలుగు స్థాయుల్లో ఒకదాన్ని ఇస్తుంది. అయితే పాటించవలసిన కనీస ప్రమాణాలను నిర్దేశించేది ఈ రేటింగ్ కాదు, 2014 నాటి నిబంధనలు. గౌరవం, సమ్మతి, సురక్షిత సంరక్షణ, వేధింపుల నుంచి రక్షణ, ఆహారం, నీరు, సిబ్బంది, ఫిర్యాదుల పరిష్కారం వంటివన్నీ అందులో ఒక్కొక్కటి ఒక్కొక్క నిబంధనగా ఉన్నాయి.

అపోహ: తనిఖీ తేదీ ముందే తెలుస్తుంది, ఆ సమయానికి అన్నీ సర్దుకుంటే సరిపోతుంది.

వాస్తవం: కేర్ హోములకు తనిఖీ సాధారణంగా ముందస్తు సమాచారం లేకుండానే జరుగుతుంది. ఉదయం హ్యాండోవర్ (ఒక షిఫ్టువారు తరువాతి షిఫ్టువారికి పని అప్పగించడం) జరుగుతుండగానే అధికారి తలుపు దగ్గర నిలబడి గుర్తింపు కార్డు చూపించవచ్చు. పైగా తనిఖీ ఆ రోజు మొదలైనది కూడా కాదు, ఎందుకంటే హోము పంపిన నోటిఫికేషన్లను, కుటుంబాలు, సిబ్బంది చెప్పిన విషయాలను, స్థానిక కౌన్సిల్ నుంచి వచ్చిన సమాచారాన్ని చదివి, ఎక్కడ చూడాలో నిర్ణయించుకున్న తరువాతే వాళ్లు వస్తారు.

అపోహ: ఫైళ్లు సక్రమంగా ఉంటే తనిఖీ గట్టెక్కినట్టే.

వాస్తవం: రికార్డులు అవసరమే. ప్రతి మనిషికీ సంబంధించి కచ్చితమైన, సంపూర్ణమైన, సమకాలీనమైన రికార్డు ఉండాలని 17వ నిబంధన చెబుతుంది. ఇక్కడ సమకాలీనం అన్న మాటకు ఉన్న బరువును చాలామంది గుర్తించరు. రెండు గంటలకోసారి పక్క మార్చవలసిన మనిషి చార్టును షిఫ్టు చివర కూర్చొని ఎనిమిది, పది, పన్నెండు అని వరుసగా నింపేయడం ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించే అలవాటు. ఆ చార్టును నమ్మి రాత్రి షిఫ్టు నర్సు నిర్ణయం తీసుకుంటుంది. ఎడమ పక్కకు తిప్పారని చార్టులో ఉండి, నిజానికి మనిషి ఉదయం నుంచి వెల్లకిలానే ఉంటే, పిరుదుల ఎముక దగ్గర చర్మం అప్పటికే కమిలి ఉంటుంది, అక్కడి నుంచి పడక పుండు ఏర్పడడానికి ఎంతో సమయం పట్టదు. ఎలక్ట్రానిక్ రికార్డుల్లో అయితే పని జరిగిన వేళ ఒకటి, నమోదు చేసిన వేళ మరొకటి విడివిడిగా కనిపిస్తాయి, అధికారులు ఆ రెండింటినీ పోల్చి చూస్తారు.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, అధికారి రికార్డును మనిషితో పోల్చి చూస్తారు. కేర్ ప్లాన్‌లో, అంటే ఒక మనిషికి ఏ సంరక్షణ ఎలా అందించాలో రాసిన పత్రంలో, ఒక పెద్దావిడ తాగేవన్నీ చిక్కబరిచి ఇవ్వాలని, ఇడ్సీ రెండో స్థాయి అని రాసి ఉంటే, మధ్యాహ్నం ఆమె ముందు ఉన్న టీ కప్పులో ఏముందో చూస్తారు. ఇడ్సీ అంటే మింగడంలో ఇబ్బంది ఉన్నవారికి ఇచ్చే పానీయాలను, ఆహారాన్ని సున్నా నుంచి ఏడు వరకు వర్గీకరించే అంతర్జాతీయ పద్ధతి. పలుచని టీ ఒక్క కప్పు అలాంటి మనిషి ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియాకు కారణం కావచ్చు కాబట్టి, ఆ కప్పు ముందు ఎంత చక్కని ఫైలూ నిలవదు. మాట్లాడలేని డిమెన్షియా రోగుల విషయంలో అధికారులు సోఫీ అనే పరిశీలన పద్ధతిని కూడా వాడతారు. బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి రూపొందించిన ఈ పద్ధతిలో, అధికారి లాంజ్‌లో ఒక మూల కూర్చొని, కొంతసేపు కొందరు మనుషులనే గమనిస్తూ, వాళ్ల ముఖంలో ఉల్లాసం ఉందా, సిబ్బంది వాళ్లను పలకరించారా లేక మాట లేకుండా కుర్చీ జరిపి వెళ్లిపోయారా అన్నది నమోదు చేస్తారు.

అపోహ: అధికారి ఏమడిగినా మేనేజర్నే అడగమని చెప్పి తప్పుకోవాలి, నిజం చెబితే వీసా పోతుంది.

వాస్తవం: ఈ అపోహే అన్నిటికంటే ప్రమాదకరమైనది. 2008 చట్టం ప్రకారం హోములో పనిచేసే ఎవరితోనైనా ఏకాంతంగా మాట్లాడే అధికారం తనిఖీ అధికారికి ఉంది, హోములో ఉంటున్నవారు (రెసిడెంట్లు) సమ్మతిస్తే వాళ్లతో కూడా అలాగే మాట్లాడవచ్చు. అధికారి అడిగేవి చిక్కుప్రశ్నలు కావు. ఇక్కడ ఎవరినైనా వేధిస్తున్నట్టు అనుమానం వస్తే మీరు ఎవరికి చెబుతారు? హోములో ఎవరూ పట్టించుకోకపోతే బయట ఎవరికి చెబుతారు? ఈ గదిలో ఉన్న ఆయనకు ఏది ఇష్టం, ఏది ఇష్టం ఉండదు? రోజూ ఆ మనిషి పక్కన ఉండే కేరర్‌కు వీటికి జవాబులు తెలిసే ఉంటాయి. తెలిసినది తెలిసినట్టు, తెలియనిది తెలియదని చెప్పడమే సరైన పద్ధతి. ఇంగ్లిషు తడబడినా అధికారులు ఓపికగా వింటారు.

వీసా సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ భయం ఊహ కాదు. స్పాన్సర్ చేసిన (ఉద్యోగమిచ్చి వీసాకు పూచీగా నిలిచిన) సంస్థకు అందుకోసం ఉన్న లైసెన్సు పోయినా, ఉద్యోగం పోయినా, వీసాలు చూసే ప్రభుత్వ శాఖ అయిన హోమ్ ఆఫీసు సాధారణంగా 60 రోజుల గడువు ఇచ్చి వీసాను కుదిస్తుంది. అప్పు చేసి వచ్చిన కుటుంబానికి అది ఎంత చిన్న గడువో నాకు తెలుసు. అయితే లైసెన్సు ఇచ్చేదీ తీసేదీ హోమ్ ఆఫీసే తప్ప సీక్యూసీ కాదు, తక్కువ రేటింగ్ వచ్చినంత మాత్రాన లైసెన్సు దానంతట అది రద్దు కాదు. 2024 మార్చి 11 నుంచి ఇంగ్లండ్‌లో కేరర్లను స్పాన్సర్ చేసే సంస్థలకు సీక్యూసీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది కాబట్టి, వీసాకు ముప్పు సీక్యూసీ వైపు నుంచి వచ్చేది రిజిస్ట్రేషనే రద్దయిన సందర్భంలో. లోపాలు దాచిపెట్టినకొద్దీ ఆ సందర్భమే దగ్గరవుతుంది. ప్రజాప్రయోజనం కోసం లోపాలను బయటపెట్టిన ఉద్యోగులను రక్షించడానికి 1998లో చట్టం వచ్చింది. వీసా మీద వచ్చినవారికీ ఆ రక్షణ ఉంది, ఆ చట్టం కింద ఉద్యోగులు నేరుగా చెప్పుకోదగిన సంస్థల్లో సీక్యూసీ ఒకటి, పేరు చెప్పకుండా కూడా సమాచారం ఇవ్వవచ్చు. చట్టం ఉన్నంత మాత్రాన భయం పోదని ఒప్పుకుంటాను. అయినా మంచంలో ఉన్న మనిషికి నోరు లేనప్పుడు ఆ గదిలోకి రోజుకు పదిసార్లు వెళ్లే కేరరే ఆ మనిషికి నోరు కావాలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

అపోహ: రెసిడెంట్లు పడిపోయిన సంఘటనలు ఎక్కువ రిపోర్టు చేస్తే రేటింగ్ పడిపోతుంది.

వాస్తవం: తీవ్రమైన గాయం, వేధింపు ఆరోపణ, పోలీసుల దాకా వెళ్లిన సంఘటన, మరణం వంటివాటిని ఆలస్యం లేకుండా సీక్యూసీకి తెలియజేయాలని 2009 నాటి రిజిస్ట్రేషన్ నిబంధనలు చెబుతున్నాయి. తెలియజేయకపోవడమే నేరం. ఎనభై, తొంభై ఏళ్ల వయసులో, డిమెన్షియాతో, పలు మందులతో ఉన్న మనుషుల మధ్య నెలల తరబడి ఒక్క సంఘటనా నమోదు కాలేదంటే అధికారికి అది మంచి సంకేతంగా కనిపించదు. వాళ్లు వెతికేది, పడిపోయిన తరువాత ఏం చేశారన్నది. చెప్పులు సరిగా ఉన్నాయా చూశారా, రక్తపోటు పడుకున్నప్పుడూ నిలబడినప్పుడూ కొలిచారా, మందులను జీపీతో (స్థానిక కుటుంబ వైద్యుడితో) సమీక్షింపజేశారా, కేర్ ప్లాన్ మార్చారా అని అడుగుతారు. కుటుంబానికి నిజం చెప్పి, విచారం తెలిపి, దాన్ని లిఖితపూర్వకంగా ఇవ్వడం కూడా 20వ నిబంధన కింద హోము బాధ్యత. క్షమాపణ చెబితే కేసు పడుతుందన్న మాట కూడా వింటుంటాను. క్షమాపణ దానంతట అది నిర్లక్ష్యాన్ని ఒప్పుకున్నట్టు కాదని 2006 నాటి పరిహార చట్టం స్పష్టంగా చెబుతోంది.

అపోహ: ఐదుగురు రెసిడెంట్లకు ఒక కేరర్ ఉండాలని చట్టంలో ఉంది.

వాస్తవం: అలాంటి అంకె చట్టంలో లేదు. తగిన అర్హత, అనుభవం ఉన్న సిబ్బంది తగినంత మంది ఉండాలని మాత్రమే 18వ నిబంధన అంటుంది. ఎవరికి ఎంత సాయం అవసరమో లెక్కగట్టి ఎంతమంది కావాలో నిర్ణయించి, ఆ లెక్కను చూపించవలసినది హోమే. కాల్ బెల్ మోగిన తరువాత ఎంతసేపటికి ఎవరు వెళ్లారన్నది ఆ లెక్కకు అసలు పరీక్ష.

అపోహ: వాళ్ల మేలు కోసమే చేస్తున్నాం కాబట్టి అనుమతి అక్కర్లేదు.

వాస్తవం: మన ఇళ్లలో పెద్దవాళ్లు వద్దన్నా బతిమాలి రెండు ముద్దలు ఎక్కువ తినిపించడం ప్రేమ. ఆ ప్రేమతోనే మనవాళ్లు ఇక్కడికి వస్తారు, రెసిడెంట్లు దాన్ని గుర్తిస్తారు కూడా. కానీ అదే ప్రేమ తెలియకుండానే బలవంతంగా మారే చోటు ఒకటి ఉంది. పడిపోతారేమోనని కుర్చీలోంచి లేవనివ్వకపోవడం, మంచానికి రెండు వైపులా రెయిల్స్ ఎత్తేయడం, మాత్ర మింగడం లేదని దాన్ని పొడి చేసి పారిడ్జ్‌లో కలిపేయడం, ఇవన్నీ మంచి ఉద్దేశంతోనే జరుగుతాయి. 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం మాత్రం మరో చోట మొదలవుతుంది. ప్రతి మనిషికీ తన నిర్ణయం తాను తీసుకునే సామర్థ్యం ఉందనే ముందు అనుకోవాలి. మనకు తెలివితక్కువగా అనిపించే నిర్ణయం తీసుకున్నంత మాత్రాన సామర్థ్యం లేదనకూడదు. నిజంగా లేదని తేలితే, ఆ ఒక్క నిర్ణయం వరకు, ఆ మనిషి హితం కోసం, స్వేచ్ఛను వీలైనంత తక్కువగా తగ్గించే మార్గాన్ని ఎంచుకోవాలి. డిమెన్షియా ఉన్న పెద్దాయన ఇల్లు అమ్మే నిర్ణయం తీసుకోలేకపోవచ్చు, కానీ ఇవాళ ఏ చొక్కా వేసుకోవాలో చెప్పగలరు.

ఇది చట్టం పేరుతో పెట్టిన ఆటంకం కాదు, వైద్యపరంగా కూడా అర్థం ఉన్న సంగతి. రెయిల్ ఉన్నా దాని మీదుగా దిగబోయే మనిషి మరింత ఎత్తు నుంచి పడతారు, రెయిల్‌కూ పరుపుకూ మధ్య ఇరుక్కొనే ప్రమాదం కూడా ఉంది. నెమ్మదిగా విడుదలయ్యేలా తయారుచేసిన మాత్రను పొడి చేస్తే మందు మొత్తం ఒకేసారి శరీరంలోకి చేరుతుంది. తెలియకుండా మందు కలిపి ఇవ్వడం తప్పనిసరి అయితే, జీపీ, ఫార్మసిస్టు, కుటుంబంతో చర్చించి, రాసిపెట్టి, మళ్లీ సమీక్షిస్తూ చేయాలే తప్ప ఒక కేరర్ సొంతంగా నిర్ణయించేది కాదు. ఇక సామర్థ్యం లేని మనిషిని నిరంతర పర్యవేక్షణలో ఉంచి, బయటకు వెళ్లనివ్వని పరిస్థితి ఉంటే, డోల్స్ అనే ప్రక్రియ కింద స్థానిక కౌన్సిల్ నుంచి అనుమతి తీసుకోవాలి, అది గరిష్ఠంగా 12 నెలలకే చెల్లుతుంది. తనిఖీలో తలుపు కోడ్ ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు, ఎందుకు అన్న ప్రశ్న రావడానికి కారణం ఇదే.

అపోహ: గుడ్ రేటింగ్ ఉంటే ఇవాళ కూడా హోము బాగున్నట్టే.

వాస్తవం: తల్లిదండ్రుల కోసమో, అత్తమామల కోసమో హోము వెతుకుతున్న తెలుగు కుటుంబాలకు ఇది ముఖ్యం. రేటింగ్ తనిఖీ జరిగిన రోజులకు సంబంధించినది, మళ్లీ తనిఖీ జరిగేదాకా అదే నిలిచి ఉంటుంది. సీక్యూసీ పనితీరు మీద డాక్టర్ పెన్నీ డాష్ జరిపిన సమీక్ష 2024 జులైలో ఇచ్చిన మధ్యంతర నివేదికలో, సీక్యూసీ తనిఖీ చేయగల ప్రదేశాల్లో దాదాపు ఐదింట ఒకదానికి అసలు రేటింగే లేదని తేలింది. కాబట్టి నివేదిక మీది తేదీ చూడండి, మేనేజర్ అప్పటివారేనా అని అడగండి, భోజన సమయంలో వెళ్లి చూడండి. వంటగది శుభ్రతకు వేరే రేటింగ్ ఉంటుంది, అది కౌన్సిల్ అధికారుల తనిఖీ మీద ఆధారపడుతుంది. అగ్నిప్రమాద భద్రతను ఫైర్ సర్వీసు చూస్తుంది. స్కాట్లండ్‌లో, వేల్స్‌లో, ఉత్తర ఐర్లండ్‌లో ఉన్న హోముల కోసం సీక్యూసీ వెబ్‌సైటులో వెతికితే దొరకవు, అక్కడి నియంత్రణ సంస్థలు వేరు.

అపోహ: మా అమ్మ విషయంలో ఫిర్యాదు చేస్తే సీక్యూసీ విచారించి తీర్పు ఇస్తుంది.

వాస్తవం: సీక్యూసీ ఆ సమాచారాన్ని తీసుకుంటుంది, తనిఖీలో వాడుకుంటుంది, కానీ వ్యక్తిగత ఫిర్యాదును పరిష్కరించదు. ముందు హోముకే లిఖితపూర్వకంగా ఇవ్వాలి, దాన్ని విచారించి జవాబివ్వడం 16వ నిబంధన కింద వాళ్ల బాధ్యత. సంతృప్తి కలగకపోతే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వేధింపు అనుమానం ఉంటే మాత్రం ఈ వరుస కోసం ఆగకుండా, అదే రోజు కౌన్సిల్‌లో వేధింపుల నుంచి రక్షణ చూసే సేఫ్‌గార్డింగ్ విభాగానికి ఫోన్ చేయాలి.

అపోహ: శాకాహారం, పప్పు అన్నం, పూజ, తెలుగు మాట వంటివి అడిగితే అదనపు కోరికలు కోరినట్టు అవుతుంది.

వాస్తవం: ఇష్టాల నుంచి గానీ, మతం నుంచి గానీ, సంస్కృతి నుంచి గానీ వచ్చే సమంజసమైన ఆహార అవసరాలను తీర్చాలని 14వ నిబంధనలో స్పష్టంగా ఉంది. మనిషికి తగినట్టు, ఆ మనిషి ఇష్టాలను గౌరవిస్తూ సంరక్షణ ఉండాలని 9వ నిబంధన చెబుతుంది. డిమెన్షియా ముదిరినకొద్దీ ఇంగ్లిషు మరిచి తెలుగులోనే మాట్లాడే పెద్దలు ఉంటారు. నొప్పి, దాహం, మూత్రం, భయం వంటి మాటలను తెలుగు ఉచ్చారణతో ఇంగ్లిషు లిపిలో రాసి, చేరిన రోజే కేర్ ప్లాన్‌లో పెట్టించండి. ఉల్లి, వెల్లుల్లి తినరా, గుడ్డు తింటారా, ఏ రోజు ఉపవాసం, ఉపవాసం రోజున చక్కెర వ్యాధి మందు ఎలా ఇవ్వాలో జీపీ ఏం చెప్పారు, స్నానం చేయించడానికి మహిళా కేరరే కావాలా అన్నవి కూడా అందులో ఉండాలి. రాసి ఉంటేనే రాత్రి షిఫ్టులో వచ్చే ఏజెన్సీ కేరర్‌కు తెలుస్తుంది, పాటించకపోతే అడిగే హక్కు మీకూ, తనిఖీ అధికారికీ ఉంటుంది.