జ్వరం గురించి మా ఓపీలో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

వానలు పడి ఓ నెల గడిచిందంటే మా ఓపీ బయట బెంచీల మీద చోటుండదు. వచ్చేవాళ్ళలో సగానికి పైగా జ్వరాలే. ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను, జ్వరంతో కన్నా జ్వరం గురించి మన ఇళ్ళలో నడిచే మాటలతోనే ఎక్కువ తంటా పడుతున్నాను. థర్మామీటర్‌లో అంకె పెరిగితే ఇంటిల్లిపాదీ హడలిపోతారు, అంకె దిగగానే అమ్మయ్య అనుకుని పొలానికో ఆఫీసుకో బయల్దేరతారు. ఈ రెండూ తలకిందులుగా జరగాల్సిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

ముందు ఓ మాట. పేపర్లో "విషజ్వరాలు" అని వార్త పడిన మర్నాడు జనం రెట్టింపు వస్తారు. విషజ్వరం అనే జబ్బు ఏ వైద్య పుస్తకంలోనూ లేదు. ఏ జ్వరమో తేలనప్పుడు అందరూ వాడేసే మూట పేరు అది. ఆ మూట విప్పితే మామూలు వైరల్ జ్వరం ఉండొచ్చు, డెంగీ ఉండొచ్చు, మలేరియా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ ఏదైనా ఉండొచ్చు. జ్వరమే ఒక జబ్బు కాదు, లోపల ఏదో జరుగుతోందని ఒళ్ళు చెప్పే తీరు అంతే.

అపోహ: "98.6 దాటిందంటే జ్వరమే"

ఆ 98.6 అనేది 1868లో వుండర్‌లిష్ అనే జర్మన్ డాక్టరు వేలమందికి చంకలో థర్మామీటర్ పెట్టి చూసి తేల్చిన సగటు. సగటుకి కాస్త అటూ ఇటూ అందరికీ ఉంటుంది. ఒంటి వేడి తెల్లవారుజామున తక్కువగా ఉండి సాయంత్రానికి ఒక డిగ్రీ దాకా పెరుగుతుంది, ఎండలో నడిచొస్తే ఇంకాస్త పెరుగుతుంది. మేం జ్వరం అని రాసుకునేది 100.4 ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్ నుంచి. చంకలో పెట్టి చూస్తే లోపలి వేడి కన్నా అటూ ఇటూగా ఒక డిగ్రీ తక్కువ చూపిస్తుంది, అది గుర్తుంచుకోండి. చెయ్యి పెట్టి చూస్తే చాలంటారు గానీ, పొయ్యి దగ్గర్నుంచి వచ్చిన చేతికీ, ఇప్పుడే గిన్నెలు తోమిన చేతికీ ఒకే నుదురు రెండు రకాలుగా తెలుస్తుంది. వంద, రెండొందలు పెడితే డిజిటల్ థర్మామీటర్ వస్తుంది, కొనుక్కోండి.

ఇక "లో జ్వరం". "బాబూ, ఆ గొట్టానికి అందట్లేదు గానీ లోపల కాగిపోతోంది" అని పెద్దవాళ్ళు అంటారు. కొత్తలో నవ్వేవాణ్ణి, ఇప్పుడు నవ్వను. ఆ బాధ నిజమే, పెట్టిన పేరే తేడా. చూస్తే రక్తం తక్కువో, షుగరో, థైరాయిడో, సరిగ్గా నిద్ర లేకపోవడమో బయటపడుతుంది. కొందరికి మాత్రం రోజూ సాయంత్రం పూటే కొంచెం వెచ్చబడి, రాత్రికి చెమటలు పట్టి, బరువు తగ్గుతూ వస్తుంది. అది టీబీ కావచ్చు. అందుకే లో జ్వరమనే వాళ్ళని వారం పాటు పొద్దునా సాయంత్రం చూసి కాగితం మీద రాసుకురమ్మంటాను. టీబీ పరీక్షా, మందులూ ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే.

అపోహ: "చలి పుట్టిందంటే మలేరియా. దుప్పట్లు కప్పి చెమట పట్టిస్తే దిగిపోతుంది"

మెదడు అడుగున హైపోథాలమస్ అని చిన్న భాగం ఉంటుంది, ఏసీకి రిమోట్ లాంటిది. క్రిములు వచ్చినప్పుడు ఒంట్లో తయారయ్యే కొన్ని రసాయనాలు ఆ రిమోట్‌లో అంకెని 98 నుంచి 103కి మార్చేస్తాయి. ఒళ్ళు ఇంకా 98లోనే ఉంది, చేరాల్సింది 103. అందుకే మండుటెండలో కూడా చలేస్తుంది, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి, చేతులూ కాళ్ళూ చల్లబడతాయి. అంకె మళ్ళీ కిందికి మారినప్పుడు చెమట పడుతుంది. అంటే చెమట పట్టడం వల్ల జ్వరం దిగట్లేదు, జ్వరం దిగుతోంది కాబట్టి చెమట పడుతోంది. మూడు రగ్గులు కప్పితే లోపలి వేడి బయటికి పోయే దారి మూసినట్టే. వణుకుతున్నంతసేపు ఒక పల్చటి దుప్పటి చాలు, వణుకు ఆగాక అదీ తీసెయ్యండి.

చలీ వణుకూ మలేరియాలోనే కాదు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కీ, న్యుమోనియాకీ వస్తాయి. మలేరియా తేలాలంటే రక్తపు చుక్క చూడాల్సిందే. దోమ కడుపులో ఆ క్రిమిని రొనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టులో. అయినా పాడేరు, అరకు లాంటి మలేరియా ఎక్కువుండే ఏజెన్సీ ఊళ్ళకి వెళ్ళొచ్చిన సంగతి చాలామంది మేం అడిగితే గానీ చెప్పరు. వెళ్ళొస్తే అడక్కుండానే చెప్పండి.

అపోహ: "103 దాటితే మెదడు దెబ్బతింటుంది"

ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చే జ్వరానికి మెదడే ఒక హద్దు పెడుతుంది, 106 దాటడం అరుదు. మెదడుకి హాని జరిగేది అంతకన్నా పైన, 107 దాటాక. 103 జ్వరంతో బొమ్మలు పట్టుకుని ఆడుకుంటున్న పిల్లాడి కన్నా, 100 జ్వరంతో పాలు తాగకుండా మగతగా పడున్న పిల్లాణ్ణి చూసి నేను ఎక్కువ భయపడతాను.

ఫిట్స్ సంగతి వేరు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరంలో ఫిట్స్ వస్తాయి. చూసేవాళ్ళ గుండె ఆగినంత పనవుతుంది, నిజమే. చేతిలో తాళాలగుత్తి పెడతారు, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెడతారు, పళ్ళ మధ్య చెంచా దూరుస్తారు. తాళాలు పెట్టగానే ఆగిపోయిందంటారు, చాలాసార్లు అది రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగేదే. చెంచా వల్ల మాత్రం పళ్ళు విరుగుతాయి. పిల్లాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, టైము చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి. ముందే ఆగిపోయినా, మొదటిసారైతే ఆ రోజే డాక్టరుకి చూపించండి. గంటగంటకీ మందు పోసినా ఈ ఫిట్స్‌ని ఆపలేం, ఆ ప్రయత్నంలో మోతాదు దాటించకండి.

ఎండాకాలం వడదెబ్బ ఒక్కటి దీనికి పూర్తిగా వేరు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండకి పడిపోయిన మనిషి 105 ఉన్నాడంటే, అక్కడ రిమోట్‌లో అంకె మారలేదు, ఏసీయే పాడైపోయింది. పారాసిటమాల్ పనిచేయదు. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, చన్నీళ్ళు పోసి, విసురుతూ, దొరికితే చంకల్లో గజ్జల్లో ఐసు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మామూలు జ్వరానికి మాత్రం ఐసు నీళ్ళు వద్దు, వణుకు ఎక్కువవుతుంది. తడిగుడ్డ వెయ్యాలనిపిస్తే కుళాయి నీళ్ళో గోరువెచ్చటివో చాలు.

అపోహ: "650 పనిచేయట్లేదు, ఇంకా పవర్‌ది రాయండి"

కోవిడ్ తర్వాత డోలో పేరు తెలియని ఇల్లు లేదు. అందులో ఉన్నది పారాసిటమాలే. అది జబ్బుని తగ్గించదు, నాలుగు నుంచి ఆరు గంటలు ఒకటి రెండు డిగ్రీలు తగ్గించి కాస్త తేలిక చేస్తుంది. 103 నుంచి 101కి వచ్చిందంటే పనిచేసినట్టే. పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, నేనైతే 650 మాత్రలు నాలుగుకి మించి వేసుకోవద్దంటాను, రోజూ మద్యం తాగే అలవాటున్నవాళ్ళు, లివర్ జబ్బున్నవాళ్ళు అడిగి వేసుకోవాలి. జలుబు మాత్రల్లో, ఒళ్ళునొప్పుల మాత్రల్లో కూడా ఇదే ఉంటుంది. మూడు రకాల మాత్రలు వేసుకున్నాననుకుంటారు, ఒకటే మూడుసార్లు వేసుకుని ఉంటారు.

పిల్లలకి వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. ఒక్కో మోతాదుకి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రోజుకి నాలుగుసార్లు దాటకుండా. సీసా మీద రాసింది చదవకపోతే కొంప మునుగుతుంది. ఒకే మందు 5 ఎం.ఎల్.లో 120 ఉన్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది, చంటిపిల్లల డ్రాప్స్‌లో ఒక్క ఎం.ఎల్.కే 100 ఉంటుంది. 120 సిరప్ కొలతలో డ్రాప్స్ పోస్తే నాలుగింతలు పడుతుంది.

డెంగీ సీజన్లో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ జ్వరానికి వేసుకోవద్దు, రక్తస్రావం భయం. గుండె కోసం ఆస్పిరిన్ రోజూ వాడేవాళ్ళు సొంతంగా మానకుండా డాక్టర్ని అడగండి. నిమసులైడ్‌ని పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 2011లోనే నిషేధించారు, ఇప్పటికీ పాత సీసా తీసుకొచ్చి చూపిస్తుంటారు.

అపోహ: "ల్యాబ్‌లో టైఫాయిడ్ పాజిటివ్ అన్నారు, కోర్సు రాయండి చాలు"

ఇక్కడ కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళలో టైఫాయిడ్ అనేది జబ్బు కన్నా ముందు ఒక ల్యాబ్ కాగితం. జ్వరం వచ్చిన రెండో రోజే వైడాల్ చేయిస్తారు, 1:160 అని వస్తుంది, దాన్నే పాజిటివ్ అనుకుని పది రోజులు సూదులు మొదలు. ఆ పరీక్ష 1896 నాటిది. అది క్రిమిని చూడదు, క్రిమికి ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలని చూస్తుంది. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్‌కీ, వేసుకున్న టీకాకీ, ఒక్కోసారి వేరే జ్వరానికీ పాజిటివ్ వస్తుంది. అసలు టైఫాయిడ్‌లో మొదటి వారం నెగెటివ్ కూడా రావచ్చు. గట్టిగా తేల్చేది రక్తంలోని క్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చర్, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు తియ్యాలి. దానికీ అందరిలో క్రిమి దొరకదు, ఫలితానికి రెండు మూడు రోజులు ఆగాలి, ఆ ఓపిక ఎవరికీ ఉండదు, కొన్నిసార్లు మాక్కూడా.

ఓసారి వరి కోతలకి వెళ్ళే ఒకామె వచ్చింది. అప్పటికే వేరేచోట వారం రోజులు టైఫాయిడ్ సూదులు అయ్యాయి, జ్వరం దిగలేదు, కొత్తగా ఆయాసం. వైడాల్ పాజిటివ్ కాగితం భద్రంగా మడిచి తెచ్చింది. నర్సమ్మని పూర్తిగా చూడమంటే, లంగా బొందు కట్టుకునే చోట సిగరెట్‌తో కాల్చినట్టు ఒక నల్లటి పెచ్చు కనిపించింది. నొప్పి లేదు, దురద లేదు. "అదా, చీమ కుట్టిందేమోలే అనుకున్నా" అంది. అది స్క్రబ్ టైఫస్. పేరు దగ్గరగా ఉన్నా టైఫాయిడ్‌తో సంబంధం లేదు. పొదల్లో, గడ్డిలో, గట్ల మీద ఉండే కంటికి ఆనని మైట్ అనే పురుగు పిల్ల కుడితే వస్తుంది. టైఫాయిడ్‌కి వాడే ఆ సూదులు దీని మీద పనిచేయవు. డాక్సీసైక్లిన్ మొదలుపెడితే రెండు రోజుల్లో జ్వరం దిగింది. చౌక మాత్ర. ఆ మందు టెట్రాసైక్లిన్ల కుటుంబానిది, ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపించిన అమెరికా ల్యాబ్ నుంచే. ఆ మాత్ర రాసినప్పుడల్లా ఆయన గుర్తొస్తారు నాకు. ఐదు రోజులు దాటిన జ్వరమైతే చంకలు, గజ్జలు, నడుం, రొమ్ముల కింద అలాంటి నల్లటి పెచ్చు ఉందేమో మీరే ఓసారి చూసుకోండి.

అపోహ: "జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్లు మాత్రం పడిపోయాయి, ఎక్కించండి"

డెంగీలో నాలుగో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది. కొందరికి ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. సన్న రక్తనాళాల గోడలు వదులై రక్తంలోని నీరు బయటికి కారిపోతుంది, బీపీ పడిపోతుంది. దీన్ని ప్లేట్‌లెట్ల కౌంటు చెప్పదు, రక్తం చిక్కబడిందా అని చూసే పీసీవీ చెబుతుంది. రిపోర్టు రాగానే అందరి కళ్ళూ కౌంటు మీదే ఉంటాయి, దాని పక్కనే ఉన్న పీసీవీ నన్నెవరూ అడగరు. జ్వరం దిగాక కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, చల్లబడ్డ చేతులు, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, విపరీతమైన నీరసమో చిరాకో, వీటిలో ఏది కనిపించినా కౌంటు బాగానే, లక్షన్నర ఉన్నా సరే పరిగెత్తుకు రండి.

కౌంటు ముప్పై వేలు ఉండి, ఎక్కడా రక్తం కారకుండా, లేచి తింటూ తిరుగుతున్న మనిషికి ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని లేదు. రక్తస్రావం లేకపోతే పది వేల లోపుకి వచ్చేదాకా సాధారణంగా ఆగుతాం. ఈ మాట చెబితే "డాక్టరుకి పట్టలేదు" అని వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళినవాళ్ళున్నారు. బొప్పాయి ఆకు రసం అడుగుతారు కదా, కౌంటు కాస్త త్వరగా పెరుగుతుందని కొన్ని చిన్న పరిశోధనలు ఉన్నాయి గానీ ప్రాణాపాయం తగ్గిస్తుందని తేలలేదు. ఏడెనిమిది రోజులకి కౌంటు దానంతటదే పెరుగుతుంది, పేరు రసానికి వస్తుంది. వాంతులవుతున్నవాళ్ళకి ఆ చేదు బలవంతంగా పొయ్యకండి.

అపోహ: "ఒక సెలైన్ పెట్టి, ఒక సూది వేస్తే గానీ లేవను"

అర లీటరు గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, ఐదారు చెంచాలు. రెండు ఇడ్లీలకి సరిపోయే శక్తి, అంతే. వాంతులతో ఏదీ నిలవనివాళ్ళకి, బీపీ పడిపోయినవాళ్ళకి సెలైన్ ప్రాణం పోస్తుంది. తాగగలిగినవాళ్ళకి ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ చాలు. ఇక సూది. వేసిన గంటలో లేచి కూర్చోబెట్టే సూదుల్లో కొన్నిచోట్ల స్టెరాయిడ్ కూడా కలుస్తుంది, జ్వరం మాయమైనట్టు కనిపిస్తుంది, లోపలి జబ్బు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మందుల షాపులో మూడు రోజుల అజిత్రోమైసిన్ అడిగి తెచ్చుకోవడం కూడా ఇలాంటిదే, వైరస్ మీద పనిచేయదు, రేపు కల్చర్ చేస్తే క్రిమి దొరక్కుండా చేస్తుంది.

తిండి గురించి క్లుప్తంగా: లంఖణం పరమౌషధం అన్నారు గానీ ఆకలి వేసినవాణ్ణి మాడ్చమనలేదు. పెరుగన్నం తినొచ్చు, పప్పు తినొచ్చు, గుడ్డు తినొచ్చు. స్నానం చెయ్యొచ్చు. జ్వరానికి బ్రెడ్డే ఎందుకో నాకింతవరకూ తెలియలేదు.

మూడు నెలల లోపు పసిబిడ్డకి 100.4 వస్తే ఇంట్లో మందు పొయ్యకుండా అదే పూట తీసుకురండి. మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, ఆయాసం, ఒంటి మీద ఎర్రటి మచ్చలు, గర్భిణికి జ్వరం, వీటికీ ఆగొద్దు. ముసలివాళ్ళలో పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు, ఉన్నట్టుండి తిండి మానేసినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా తీసుకురావాలి. మిగతావాళ్ళు మూడు రోజులు చూసి రావచ్చు. వచ్చేటప్పుడు ఏ రోజు, ఏ టైముకి ఎంత జ్వరమో రాసిన కాగితం, అప్పటిదాకా వేసుకున్న మాత్రల స్ట్రిప్పులు తీసుకురండి. ఖాళీవైనా పర్లేదు. "ఒక తెల్లది, ఒక పసుపుది వేసుకున్నా సార్" అంటే నా షెల్ఫులో తెల్లవి నలభై రకాలున్నాయి.